సుభాషిణి అనే అనిమే

వర్చువల్ స్ట్రీమర్ల వీడియోలన్నీ అనిమే కిందికే, అంటే గీసిన బొమ్మల చిత్రాల కిందికే వస్తాయని దృశ్య వర్గీకరణ శాఖ ఉత్తర్వు ఇచ్చిన గురువారం, సాయంత్రం నాలుగుంబావుకి, గేటుపాలెంలో సుభాషిణి బొమ్మ అయిపోయింది. అప్పుడామె వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ముందు వేళ్ల చుట్టూ సన్నటి నల్ల అంచు వచ్చింది. తర్వాత ఆ అంచు మోచేతుల మీదుగా పాకి ఒళ్లంతా చుట్టింది. ముక్కు చిన్న గీత అయింది. ఆమె మిగిలిన కాయలు కూడా బాగుచేసి, చేతులు కడుక్కుని, వెళ్లి అక్క హేమలతకి చూపించింది. హేమలత చెల్లెల్ని కిటికీ దగ్గరికి తిప్పి చూసి, అయితే ఉత్తర్వు వచ్చేసినట్టుంది అంది.

సుభాషిణికి ముప్పై ఆరేళ్లు. బట్టల షాపుల వాళ్లు ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పే ప్రకటనలకి పన్నెండేళ్లు గొంతు ఇచ్చింది. ఆ గొంతుని కంప్యూటరే తయారు చేసుకోవడం నేర్చుకున్నాక ఆ పని పోయింది. దాంతో వర్చువల్ స్ట్రీమర్ అయింది. కెమెరా ముందు ఆమె కూర్చుంటుంది గానీ, చూసేవాళ్ల ఫోన్లలో కనిపించేది నీలం జడల బొమ్మ పిల్ల. ఆ పిల్ల పేరు మువ్వ. సుభాషిణి కళ్లార్పితే మువ్వ కళ్లార్పుతుంది, సుభాషిణికి పొలమారితే మువ్వకీ పొలమారుతుంది. రోజూ మధ్యాహ్నం రెండు గంటల సేపు మువ్వ చూసేవాళ్లు రాసి పంపిన కష్టసుఖాలు చదివి, తనకి తోచింది చెప్పేది. లారీలు నడిపేవాళ్లు, పురిటికొచ్చి మంచం మీద ఉన్నవాళ్లు, హాస్టళ్లలో వాచ్‌మన్లు వినేవాళ్లు.

ఇలాంటి వీడియోల్ని ఏమనాలన్న తగువు శాఖ కమిటీలో పదకొండు నెలలు నడిచింది. శాఖలో ఉన్నవి మూడు బీరువాలు. ఒకటి సినిమాలకి, ఒకటి అనిమేకి, ఒకటి మనుషులకి. అనిమే అంటే బొమ్మ తర్వాత బొమ్మ గీసి కదిలించాలి, ఇందులో గీసేవాడెవడూ లేడు కదా అని ఒక సభ్యుడన్నాడు. తోలుబొమ్మని ఆడించినంత మాత్రాన ఆడించేవాడు తోలు అవుతాడా అని ఇంకొకాయన అడిగాడు. సమాధానం చెప్పడానికి కమిటీ సుభాషిణిని సాక్షిగా పిలిపించింది. సూపరింటెండెంటు దివాకరం గారు ఆమెకి కుర్చీ వేయించి, ప్రతి మాటా రాసుకున్నారు.

“మీరు లేకుండా ఆ బొమ్మ కదులుతుందా?” అని అధ్యక్షుడు అడిగాడు.

“కదలదండి.”

“మీరు లేకపోయినా బొమ్మ ఉంటుందా?”

“ఉంటుందండి. కంప్యూటర్లో ఉంటుంది.”

“మరి బొమ్మ లేకుండా మిమ్మల్ని ఎవరైనా చూస్తారా?”

సుభాషిణి ఏం మాట్లాడలేదు. ఆ మౌనాన్ని దివాకరం గారు ఔననే సమాధానంగా రాయాలా, కాదనే సమాధానంగా రాయాలా అని అడిగారు. అధ్యక్షుడు దాన్ని అంగీకారంగా రాయమన్నాడు. మనుషుల బీరువా ఎటూ నిండిపోయి తలుపు పడటం లేదు గనుక మిగతా సభ్యులు కూడా పట్టుపట్టలేదు.

బొమ్మ అయ్యాక రోజులు పెద్దగా మారలేదు. రేషన్ షాపులో వేలిముద్ర పడలేదు. ఇదివరకు కూడా అప్పుడప్పుడు పడేది కాదు కాబట్టి, డీలరు మాట్లాడకుండా హేమలత వేలు పెట్టించుకున్నాడు. బస్సులో కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు, అయినా సీట్లో కూర్చోనిచ్చాడు. వాన పడితే రంగు కారుతుందేమోనని హేమలత చెల్లెలికి పెద్ద గొడుగు కొనిపెట్టింది.

ఒక్క విషయంలోనే తేడా వచ్చింది. మువ్వ వీడియోలు చూసేవాళ్లలో భక్తుడు అని పేరు పెట్టుకున్నవాడొకడున్నాడు. ఎనిమిది నెలలుగా వాడు రోజుకి నలభై, యాభై మెసేజీలు పెడుతున్నాడు. మొదట్లో పొగిడేవాడు. సుభాషిణి బదులివ్వకపోయేసరికి ఏమేం చేస్తాడో వరసగా రాయడం మొదలుపెట్టాడు. వీడియోలో వెనకాల వినబడే రైలు గేటు గంటని బట్టి ఊరు కనిపెట్టానని, ఏ పూట ఏ బండికి గేటు పడుతుందో లెక్క చూసుకుంటున్నానని ఒకసారి రాశాడు. సుభాషిణి మనిషిగా ఉన్న రోజుల్లోనే ఆ మెసేజీలన్నీ ప్రింటు తీయించి పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లింది. ఎస్సై అన్నీ చదివి, ఈ గొడవంతా దేనికి, వీడియోలు మానేస్తే పోతుంది కదమ్మా అన్నాడు. కాగితం తీసుకోలేదు.

ఉత్తర్వు వచ్చిన వారానికి ఆమె మళ్లీ వెళ్లింది. ఈసారి ఎస్సై మర్యాదగా లేచి నిలబడ్డాడు. అంతకుముందు తనకి సందేహంగా ఉండేదని, ఇప్పుడు రూలు స్పష్టంగా ఉందని చెప్పాడు.

“బొమ్మని బెదిరిస్తే నేరం కాదమ్మా,” అన్నాడు. “నేను రాసుకున్నా కోర్టులో నిలబడదు.”

“వాడు వచ్చేది మా ఇంటికండి.”

“ఇంట్లో ఎవరైనా మనుషులుంటే వాళ్లని రాసివ్వమనండి.”

హేమలత రాసిచ్చింది. బెదిరింపు ఆమెకి కాదు గనుక దాన్నీ తీసుకోలేదు.

భక్తుడు ఒక ఆదివారం పొద్దున్న పదకొండింటికి వచ్చాడు. హేమలత చేపల బజారుకి వెళ్లింది. రైలు గేటు పడి ఉండటంతో తిరిగి రావడానికి ఆలస్యమైంది. వాడు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మువ్వ గొంతుతో తన పేరు పలకమన్నాడు. సుభాషిణి పక్కింటివాళ్లని కేక వేసింది. పక్కింటివాళ్లు విన్నారు, వీడియో నడుస్తోందనుకున్నారు. ఆమె పెరటి తలుపు వైపు పరిగెత్తబోతే వాడు కుడిచెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు. మోచేతి దగ్గర గీత తెగిపోయింది. ఆ తర్వాత వాడు ఇంకో పావుగంట ఉన్నాడు. వెళ్లేటప్పుడు ఇంటి గేటుకి గడియ పెట్టి వెళ్లాడు. సాయంత్రం మువ్వ పేజీలో, ఇవాళ్టి ఎపిసోడ్ బాగుంది అని రాశాడు. దానికి రెండొందల మంది లైక్ కొట్టారు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ ఆ చెయ్యి చూసి, తనకి చెయ్యాలనే ఉంది గానీ బొమ్మలకి ఓపీ చీటీ రాదని చెప్పింది. గుడ్డతో మెడకి కట్టి, వర్గీకరణ శాఖకి ఉత్తరం రాసిచ్చింది. అక్కాచెల్లెళ్లు సోమవారం పదింటికల్లా అక్కడికి చేరారు.

దివాకరం గారు వాళ్లని గుర్తుపట్టి లోపల కూర్చోబెట్టారు. పాడైన బొమ్మల్ని మళ్లీ గీసివ్వడం శాఖ బాధ్యత, అదీ అదే రోజు చెయ్యాలి. ఆయన ఫారం తీసి ఒక్కొక్కటే అడిగి నింపారు. పాడవడానికి కారణం అన్నచోట నాలుగు గళ్లున్నాయి. తడి, చెద, ఎలుక, వాడకం. హేమలత ఆదివారం జరిగిందంతా చెప్పింది. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు విన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత వాడకం దగ్గర టిక్కు పెట్టారు.

“వాడి పేరు ఎక్కడ రాస్తారండి?” అని సుభాషిణి అడిగింది.

“దానికి గడి లేదమ్మా,” అన్నారాయన.

పెన్సిలు, రబ్బరు తెచ్చి ఆయనే గీశారు. చెయ్యి బాగా కుదిరింది. మెడ మీద గోళ్ల గాట్లు, కింద పెదవి మీద మరక రబ్బరుతో చెరిపేశారు. చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ ఒకటి ఆ చేతి మీద ఉండేది, అది కూడా పోయింది. పాత ఫొటో ఏదీ జతపరచలేదు గనుక శాఖలో ఉన్న నమూనా ప్రకారం గీశానని ఆయన సంజాయిషీ చెప్పుకున్నారు. సుభాషిణి వేళ్లు ముడిచి, విప్పి చూసుకుంది. నొప్పి మాత్రం అలాగే ఉంది. అది చెబితే ఆయన ఏం చెయ్యలేరని తెలిసి చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఆమె తనని మళ్లీ మనిషిగా గుర్తించమని అప్పీలు పెట్టుకుంది. మూడు నెలలకి పిలుపొచ్చింది. ఈ మూడు నెలల్లో మువ్వని చూసేవాళ్లు రెట్టింపయ్యారు. భక్తుడు రెండుసార్లు వచ్చాడు, హేమలత ఆమెని రెండుసార్లు గీయించుకొచ్చింది.

విచారణ రోజు శాఖ వరండాలో బెంచీలన్నీ ఆడవాళ్లతో నిండిపోయి ఉన్నాయి. సుభాషిణికి ఆశ్చర్యం వేసింది. రాష్ట్రం మొత్తం మీద అంతమంది స్ట్రీమర్లు లేరు. తన పక్కన కూర్చున్నావిడ ఖాకీ రంగు కవర్లో కాగితాలు పెట్టుకుని ఉంది. పేరు ఇందుమతి, హైస్కూల్లో లెక్కల టీచరు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. మీరేం వీడియోలు చేస్తారండి అని సుభాషిణి అడిగింది. తను ఎప్పుడూ ఏ వీడియో చెయ్యలేదని, అనిమేగా నమోదు చెయ్యమని దరఖాస్తు పెట్టుకోవడానికి వచ్చానని ఆవిడ చెప్పింది.

“మూడుసార్లు స్టేషన్‌కి వెళ్లానండి. మూడుసార్లూ సర్దిచెప్పి పంపించారు,” అంది ఇందుమతి. “ఇక్కడైతే అదే రోజు గీసిస్తారంట కదా. మర్నాడు పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పుకోవచ్చు.”

లోపల దివాకరం గారు సుభాషిణికి సంగతి దాచకుండా చెప్పారు. అప్పీలు నెగ్గేట్టే ఉంది. కానీ మనిషిగా మారిన క్షణం శాఖ గీసిందంతా చెరిగిపోతుంది. చెయ్యి ఆ ఆదివారం ఎలా ఉందో అలా అవుతుంది. మిగతా దెబ్బలన్నీ తిరిగి వస్తాయి. స్టేషన్లో ఫిర్యాదు తీసుకుంటారా అని తనే ఫోన్ చేసి కనుక్కున్నారట. ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారని ముందుగా అడుగుతారని చెప్పారట.

“ఏం రాయమంటారమ్మా?” అని అడిగారాయన.

సుభాషిణి అక్క వైపు చూసింది. హేమలత చెల్లెలి చేతిని రెండు చేతుల్తో పట్టుకుని తలొంచుకుంది. అప్పీలు ఉపసంహరించుకుంటున్నట్టు రాయమని సుభాషిణి చెప్పింది. ఆయన రాసి, తనే ఆమె వేలు పట్టుకుని వేలిముద్ర వేయించారు. నల్లటి చుక్క పడింది, గీతలు లేవు.

తన తర్వాత నంబరు ఇందుమతిది. ఆవిడ వెనకాలే చేతిసంచీ పట్టుకుని ఒకాయన కూడా వచ్చాడు. ఆయన ఆవిడ భర్త. వాచిన కన్నుకి ఎండ తగలకుండా దారంతా గొడుగు పట్టాడట. దివాకరం గారు దరఖాస్తు తిరగేసి చూసి, అన్నీ ఉన్నాయి గానీ బొమ్మ యజమాని సంతకం లేదన్నారు. ఆయన వినయంగా నమస్కారం పెట్టి, జేబులోంచి పెన్ను తీసి, ఎక్కడ పెట్టాలండీ అని అడిగాడు. సుభాషిణి బల్ల దగ్గర్నుంచి పక్కకి జరిగి, ఆయనకి చోటిచ్చింది.