కస్టమ్సు ఆఫీసరు గారికి ఒక దణ్ణం

లోకంలో తల్లికీ తండ్రికీ గురువుకీ తర్వాత దణ్ణం పెట్టవలసిన మనిషి ఎవరని నన్నడిగితే, రేవులో బల్ల వెనక నిలబడి మన మూటలు విప్పించే కస్టమ్సు ఆఫీసరని చెబుతాను!

నవ్వకండి. ఈ మాట నేను ఇంట్లో కూర్చుని అనడం లేదు. పోయినేడు మద్రాసులో ఓడెక్కి, మలయాలో ఉన్న మా అక్కను చూసి వచ్చినవాణ్ణి. వెళ్ళేటప్పుడు నా వెంట పదకొండు మూటలు. అక్కడి రేవు గేటు దాటి బయటపడేటప్పటికి మిగిలింది ఒకటిన్నర. అయినా అంటున్నాను, ఆ ఆఫీసరు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

విదేశాలకు వెళ్ళొచ్చిన పెద్దమనుషులు కొందరు ఆవకాయ జాడీ పోయిందనీ, అరిసెలు లాక్కున్నారనీ సంతాపసభ పెట్టినంత పని చేస్తున్నారు. నాకు వాళ్ళను చూస్తే జాలి. అయ్యా, మీ ఇంటి వంటను అంత శ్రద్ధగా చూసిన మనిషి మీ వంశంలో ఎవరైనా ఉన్నారా? మనమేం చేస్తాం? పేపరు చదువుకుంటూ నాలుగు ముద్దలు మింగి, ఉప్పు తక్కువైందని చెప్పి లేచిపోతాం. ఆయన అలా కాదు. మూత తీస్తాడు, వాసన చూస్తాడు, వెలుతురులో పెట్టి తిప్పుతాడు, పక్క బల్ల ఆఫీసరును పిలిచి చూపిస్తాడు, చివరికి రిజిస్టరులో రాసుకుంటాడు. మా అమ్మ చెంచమ్మ నలభై ఏళ్ళుగా పచ్చళ్ళు పెడుతోంది. ఆమె మాగాయ సర్కారు రిజిస్టరుకెక్కింది మాత్రం ఆ ఒక్కనాడే.

అసలు ఈ కస్టమ్సువాళ్ళే లేకపోతే ఏమవుతుందో ఆలోచించారా? మా అమ్మ మా పాడిగేదెకు కూడా డెక్కు టిక్కెట్టు తీయించేది. మలయాలో పాలు పలచగా ఉంటాయని ఎవరో ఆమెకు చెప్పారు.

మాది విడవలూరు పక్కన వ్యవసాయ కుటుంబం. మా బావ జయరామయ్యకు మలయాలో రబ్బరు తోటల కంపెనీలో గుమాస్తా పని దొరికింది. సముద్రం దాటడానికి వీల్లేదన్నాడు మా నాయన పద్మనాభయ్య. మొగుడు ఎక్కడుంటే నేనూ అక్కడే అంది మా అక్క ఆదిశేషమ్మ. ఇద్దరూ ఒకే మట్టితో చేసిన మనుషులు కాబట్టి ఎవరూ తగ్గలేదు. అక్క పెట్టె సర్దుకుని వాకిట్లోకి వచ్చినప్పుడు నాయన తిన్నె మీద నుంచి కదలకుండా, “ఈ గడప దాటినాక మళ్ళా నేను పిలిచేది లేదు” అన్నాడు.

మా వైపు పెళ్ళయిన ఆడపిల్ల పుట్టింటివాళ్ళు పిలవందే రాదు. నెలనెలా ఓడలున్నా రాదు, బావ కంపెనీవాళ్ళు సెలవిచ్చినా రాదు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. అక్క ఉత్తరాలు రాసేది. వర్షాలు, రబ్బరు పాలు, పిల్లల చదువులు అన్నీ రాసి, అట్టడుగున సన్నటి అక్షరాలతో, “నాయన ఏమైనా అన్నాడా?” అని ఒక వాక్యం పెట్టేది. అమ్మకు చదువు రాదు. నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆ వాక్యానికి జవాబుగా అమ్మ ఇంకో జాడీ ఊరబెట్టేది.

మలయా వెళ్ళే వాళ్ళెవరైనా ఉన్నారని తెలిస్తే చాలు, అమ్మ జాడీతో ప్రత్యక్షమయ్యేది. కొన్నాళ్ళకు మా తాలూకాలో మలయా ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఆ సంగతి మా ఇంట్లో తెలియకుండా జాగ్రత్తపడటం మొదలుపెట్టారు. మోసేవాళ్ళు కరువై, చివరికి నా చేత పాస్‌పోర్టు తీయించారు. తమ్ముడు అక్కను చూడటానికి వెళ్ళాడని మీరు అనుకుంటే అది మీ మంచితనం. నన్ను పంపింది కూలీగా.

నెల రోజులు మా ఇల్లు యుద్ధానికి సిద్ధమవుతున్నట్టుంది. మాగాయ, గోంగూర పచ్చడి, ఊరుమిరపకాయలు, వడియాలు, అరిసెలు, మాకు తెలిసిన ప్రతి పొడీ. మైపాడు నుంచి కామమ్మ ఎండు రొయ్యల గంప దించింది. చిన్నప్పుడు అక్కను చంకనెత్తుకుని తిరిగిన మనిషి. రొయ్యలను దారిలో పట్టుకుంటారని ఎవరో భయపెడితే, ఆమె గంభీరంగా ఆలోచించి, “దిండులో పోసి కుట్టండమ్మా. పండుకునే దిండు విప్పి చూసే దొర ఇంకా పుట్టలా” అంది. అమ్మకు ఈ సలహా అమోఘమనిపించింది. దూది తీసేసి అయిదు శేర్ల రొయ్యలు దట్టించి, పువ్వుల గలీబు తొడిగింది.

ఇదంతా నాయన ముందే జరిగింది. తిన్నె మీద కూర్చున్న ఆ మనిషిని దాటకుండా మా ఇంట్లోంచి చీపురుపుల్ల కూడా బయటికి పోదు. మూటలు పోతున్నప్పుడల్లా “ఏందది?” అనేవాడు. “పాత గుడ్డలు” అనేది అమ్మ. పాత గుడ్డల నుంచి ఇంగువ వాసన వస్తున్నా నాయన తల తిప్పుకుని వీధి వైపు చూసేవాడు. ఆయన మాత్రం ఏమీ ఇవ్వలేదు. ఏమీ చెప్పలేదు. నేను కాళ్ళకు దణ్ణం పెట్టినప్పుడు, “జాగర్త” అన్నాడు. అది నాకే.

ఏడు రోజుల ఓడ ప్రయాణంలో నేను రొయ్యల మీద తలపెట్టి పడుకున్నాను. మొదటిరోజు డెక్కు మీద కాలు పెట్టే చోటు లేదు. రెండోరోజు నా కుడిపక్క వాళ్ళు చాప ఎత్తుకుపోయారు. మూడోరోజు ఎడమపక్క వాళ్ళు. నాలుగోరోజుకు ఆ ఓడలో కెప్టెను తర్వాత అంత విశాలమైన చోటు నాదే! తోడుగా ఓడవాళ్ళ పిల్లి ఒకటి. ఎలుకల్ని పట్టడానికి పెంచుకున్న ఆ పిల్లి ఉద్యోగం మానుకుని, రేవు వచ్చేదాకా నా తలాపునే కాపురం ఉంది.

రేవులో దిగాం. ఆఫీసరు చాలా మర్యాదస్తుడు. ఎదురుగా పదకొండు మూటలు పెట్టుకుని కూడా ముందు దిండునే చూశాడు. అందులో ఆయన తెలివేమీ లేదు. ఆ పిల్లి మెట్లు దిగి దిండు వెనకాలే వచ్చింది. కత్తెర తెప్పించి ఒక మూల కత్తిరించగానే, కామమ్మ చెప్పిన ఆ పుట్టని దొర పుట్టాడు. బల్ల మీద రొయ్యలు, రొయ్యల్లో పురుగులు. మా వాళ్ళు మూడు ఎండలు తక్కువ పెట్టారు. పురుగు పట్టిన సరుకు దేశంలోకి రానివ్వనన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అందును. జాడీలు కారి మూటగుడ్డలూ రిజిస్టరూ ఎర్రబడ్డాయి కాబట్టి అవీ పోయాయి. గోంగూరను రానివ్వని ఆకుల జాబితాలో వేశాడు, పొడులనూ వడియాలనూ పేరు తెలియని సరుకులో. ఊరుమిరపకాయను మాత్రం అనుమానంగా చూసి, పరీక్ష కోసం ఒకటి కొరికాడు. కళ్ళు తుడుచుకుంటూ మిగిలిన వాటి మీద గబగబా స్టాంపు కొట్టేశాడు. అలా నాకు మిరపకాయల మూటా, పచ్చడి నూనె అంటని సగం అరిసెలూ దక్కాయి.

ఆ ఒకటిన్నర మూటతో అక్క వాకిట్లో నిలబడ్డాను. తొమ్మిదేళ్ళ తర్వాత చూశాను. ముంగురులు నెరిశాయి. మూటల వంక చూడనే లేదు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిస్తూ అడిగింది.

“నాయన ఏం పంపినాడురా?”

అమ్మ పదకొండు మూటలు పంపింది, నాయన ఒక్క మాట కూడా పంపలేదు. అయిదు శేర్ల రొయ్యల గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. దీనికేం చెప్పను? చెంబు పట్టుకుని అక్క అలాగే నిలబడి ఉంది. అప్పుడు ఆ మహానుభావుడు గుర్తొచ్చాడు.

“పంపినాడక్కా. కస్టమ్సువాళ్ళు పెట్టేసుకున్నారు” అన్నాను.

“ఏంది పంపినాడు?”

మా ఇంట్లో నూర్పిళ్ళయి రాశి పోసినాక మొదటి శేరు అక్క చేతే కొలిపించేవాడు నాయన. ఆమెకు నాలుగేళ్ళప్పటి నుంచీ అదే ఆనవాయితీ. ఆమె వెళ్ళాక ఆ శేరు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది గుర్తొచ్చి, “కొత్త వడ్లు. మొదటి శేరు. తనే కొలిచి, తన పైగుడ్డ చింపి మూటగట్టినాడు” అన్నాను.

అక్క చెంబు కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. కళ్ళెర్రబడి ఉంటే, పొయ్యి పొగ అంది. ఆ ఇంట్లో ఉన్నది కిరసనాయిలు స్టవ్వు. ఆ పూట మొదలు నేనున్న ఇరవై రోజులూ అక్క పాట పాడుకుంటూ పనిచేసింది.

ఒకసారి పనిచేసిన మందును రెండోసారి వాడకుండా ఎవరుంటారు? ఇంటికి తిరిగొచ్చిన మూడోరోజు నాయన వీధి వైపు చూస్తూ, “అంత దూరం పోయి ఊరికే వచ్చినావా?” అన్నాడు. అక్క నిజానికి ఆయనకేమీ పంపలేదు. పిలవని తండ్రికి ఏం పంపినా బతిమాలినట్టుంటుందని ఆమె బిగింపు. నేను జంకకుండా, “నీకు మోకాళ్ళ తైలం పంపింది నాయనా. మద్రాసులో కస్టమ్సువాళ్ళు పెట్టేసుకున్నారు” అన్నాను.

“నా మోకాళ్ళ సంగతి దానికెవురు చెప్పినారు?”

“అక్కే అడిగింది, నీ మోకాళ్ళెట్టున్నాయని.”

మధ్యాహ్నం నుంచి నాయన కస్టమ్సువాళ్ళను తిట్టడం మొదలుపెట్టాడు. వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పాడు. చేపలమ్మడానికి వచ్చిన కామమ్మను కూర్చోబెట్టి చెప్పాడు. ముసలివాడి మోకాళ్ళకు కూతురు పంపిన తైలం లాక్కునే సర్కారు ఒక సర్కారేనా అని రెండు రోజులు ఊరంతా వినబడేలా కేకలేశాడు. తొమ్మిదేళ్ళలో ఆ మనిషి నోట “నా కూతురు” అన్న మాట వినడం మాకు అదే మొదలు. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, తిట్టు తిట్టుకీ కళ్ళొత్తుకుంది.

మూడోనాడు నన్ను పిలిచాడు.

“ఉత్తరం రాయి. ఈసారి ఆ తైలం దాన్నే చేత్తో తీసకరమ్మను. ఎవురు ఆపుతారో రేవుకాడికొచ్చి నేను చూస్తా.”

మా నాయన పిలుపు అంతే. అంతకంటే మెత్తగా ఆయనకు రాదు. సిరా ఆరకముందే ఉత్తరాన్ని తపాలాపెట్టెలో వేశాను. అందులో ఒక మూల, తైలం సీసా మరిచిపోవద్దనీ, అది రెండో సీసా అన్నట్టు ప్రవర్తించమనీ అక్కకు రాశాను.

ఇప్పుడు చెప్పండి, కస్టమ్సు ఎత్తేయాలనే వాళ్ళకు బుద్ధుందా? అది లేకపోతే మనం పంపనివన్నీ ఎవరి నెత్తిన పెడతాం? సముద్రాల మీద సుంకాలు, రేవుల్లో సోదాలు అని పేపర్లకు రాస్తున్నాం. తొమ్మిదేళ్ళు మా ఇంట్లోంచి దాటనిదల్లా “రా” అన్న ఒక్క అక్షరం. దానికి ఏ దేశంలోనూ సుంకం లేదు, లైసెన్సు లేదు, పురుగు పట్టదు. ఏ ఆఫీసరూ దాన్ని ఆపలేదు. ఆపింది మా తిన్నె మీద కూర్చున్న మనిషి. ఆయన ముందు నోరు మెదపకుండా జాడీల మూతలకు గుడ్డలు కట్టినవాళ్ళం మేమంతా. నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొన్న మాఘమాసంలో అక్క దిగింది. నాయన మద్రాసు రేవు గేటు దగ్గర తెల్లవారకముందే వచ్చి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అక్క పెట్టెను ఎవరూ ఆపలేదు. ఆయనకు కాస్త నిరాశ కూడా కలిగినట్టుంది. అక్క వంగి కాళ్ళకు దణ్ణం పెట్టి, సీసా చేతిలో పెట్టి, “నువ్వు పంపింది మాత్రం నాకు అందనేలేదు నాయనా” అంది.

నాయన సీసా వంక చూశాడు. నా వంక చూశాడు. తర్వాత అక్క తల మీద చెయ్యి వేసి, “పోతే పోయిందిలే తల్లీ” అన్నాడు.

నెల్లూరు రైల్లో అక్క కిటికీకి తలానించి నిద్రపోయింది. గూడూరు దాటాక నాయన నా దగ్గరికి జరిగాడు. గొంతు తగ్గించి, “ఒరే, ఇంతకీ నేను దానికి ఏం పంపినాను?” అన్నాడు.

“కొత్త వడ్లు. మొదటి శేరు.”

ఆయన చాలాసేపు నిద్రపోతున్న కూతురి వంక చూస్తూ కూర్చున్నాడు. పైగుడ్డతో ముఖం తుడుచుకుని, నా మీద విసుక్కున్నాడు.

“శేరేనా? బస్తా అని చెప్పలేకపోయినావా?”