ఎలాస్టిక్‌కి అటు చివర

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, జనం మధ్యలో నా కూతురి చెయ్యి నా చేతిలోంచి జారిపోవడం. పామంటే భయం లేదు. చీకటంటే లేదు. మా అత్తయ్యంటే కొంచెం ఉంది గానీ, అది అలవాటైపోయిన నడుం నొప్పిలాంటిది. ఈ చెయ్యి జారే భయం అలాంటిది కాదు. జనాన్ని చూడగానే నా అరచేయి చెమట పడుతుంది. చెమట పట్టిన చెయ్యి ఇంకా జారుతుంది. అది చూసి ఇంకా చెమట పడుతుంది.

మొన్న సముద్రపు ఊళ్ళో నేను చేసిన నిర్వాకం చెప్పుకుంటే సిగ్గుచేటు. అయినా చెప్తున్నాను. చివర్లో మీతో నాకో పనుంది.

మా ఆయన దర్జీ. ఆయన అసలు పేరు మా వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ‘అరంగుళం’. ఏ గుడ్డ కత్తిరించినా "ఎందుకైనా మంచిది, అరంగుళం వదులుదాం" అంటారు. కోపమొచ్చినా పూర్తిగా కోప్పడరు, అరంగుళం వదిలే కోప్పడతారు. కాజాలు తియ్యడం, గుండీలు కుట్టడం, అంచులు మడవడం నా వంతు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి నా చేతిలో సూదే ఉంది.

మా అమ్మాయికి ఐదేళ్ళు. దాన్ని బొంగరం అంటాం. రెండు నిమిషాలు చూస్తే మీరూ అదే అంటారు. మూడో నిమిషానికి అది మీకు కనపడదు.

"వచ్చే ఆదివారం సముద్రం చూసొద్దాం" అన్నారు మా ఆయన. "పొద్దున బస్సెక్కితే చేపల ఇల్లు, పడవల రేవు, లైట్‌హౌస్ చూసేసి సాయంత్రానికి ఇంట్లో ఉంటాం."

"ఆదివారం అక్కడ ఇసకేస్తే రాలదట జనం."

"సముద్రం ఒడ్డున ఇసక ఎవరేస్తారే? అక్కడే ఉంటుందిగా."

"పిల్ల తప్పిపోతే?"

"దాని నోరు మూడు వీధుల అవతలికి వినపడుతుంది. ఎవడైనా ఎత్తుకుపోయినా, గంటలో తెచ్చి వాకిట్లో దింపి దణ్ణం పెట్టి పోతాడు."

ఆయనతో లాభం లేదని తెలిసిపోయింది. నా ఏర్పాట్లు నేను చేసుకున్నాను.

మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఒకరి బట్టలు ఇంకొకరి బట్టల్లో కలిసిపోకుండా, కుట్టడానికి వచ్చిన ప్రతి గుడ్డకీ లోపలివైపు చిన్న పీలిక తగిలించి అంకె రాస్తాం. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా తప్పిపోలేదు. చొక్కా తప్పిపోనప్పుడు మనిషి మాత్రం ఎందుకు తప్పిపోవాలి? శుక్రవారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, నలుగురి బట్టలకీ మెడ వెనకాల తలా ఒక పీలిక కుట్టేశాను. పీలిక మీద దుకాణం ఫోను నంబరు రాశాను. ఎవరు దొరికినా ఫోను నాకే రావాలని, ఆ ఫోను నా సంచిలోనే వేసుకున్నాను.

దాంతో ఆగినా బాగుండేది. ఆదివారం పొద్దున నడుము పట్టీలకి వేసే ఎలాస్టిక్ మూడు మీటర్లు తీసి, ఒక చివర నా నడుముకి కుట్టుకున్నాను. రెండో చివర కొక్కెం పెట్టి బొంగరం గౌను బెల్టుకి తగిలించాను. పైన పొడుగు చొక్కా వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

బస్సులో మొదటి గండం అత్తయ్య నుంచి వచ్చింది.

"అమ్మాయ్, నా మెడ వెనక ఏదో గుచ్చుకుంటోంది."

"లేబిల్ అత్తయ్యా."

"ఈ బట్టలు నీ పెళ్ళికన్నా పాతవి. ఇన్నాళ్ళూ లేని లేబిలు ఇప్పుడు మొలిచిందా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బయట గోడ తప్ప ఏమీ లేదు. గోడనే చూశాను.

రెండో గండం చేపల ఇంట్లో వచ్చింది. చీకటి గది, చుట్టూ అద్దాలు, మధ్యలో లావుపాటి స్తంభం. స్తంభాన్ని చూడగానే మా బొంగరానికి ప్రాణం లేచొచ్చింది. గిర్రున మూడు చుట్లు తిరిగింది. అది ఆగేసరికి స్తంభానికి నేను, నా పక్కన ఎవరో కొత్త దంపతులు, ఒక బట్టతల పెద్దమనిషి కలిసి ఒక కట్టగా బిగుసుకుపోయాం.

"ఏమండీ, ఇది ఇక్కడి ఏర్పాటేనా?" అన్నాడు పెద్దమనిషి మర్యాదగా.

అద్దం వెనక ఒక పెద్ద చేప నోరు తెరిచి మా వైపే చూస్తోంది. ఆ రోజు ఎవర్ని చూడ్డానికి ఎవరు వచ్చారో నాకింకా సందేహమే.

మమ్మల్ని విప్పుతూ మా ఆయన ఎలాస్టిక్‌ని రెండు వేళ్ళతో సాగదీసి చూశారు. దర్జీ కదా, గుర్తుపట్టేశారు.

"ఇది బడి పిల్లల నిక్కర్లకని తెచ్చిన ఎలాస్టిక్ కాదూ?"

"అంతా తియ్యలేదు. అరంగుళం వదిలే తీశాను."

"అది పిల్లనుకున్నావా, నిక్కరనుకున్నావా?"

"మీరు పట్టుకుంటే నేను కట్టుకునేదాన్నా?"

"ఇంటికి వెళ్ళాక మాట్లాడదాం" అన్నారు. అది ఆయన కోపం, అరంగుళం వదిలినది.

పడవల రేవులో పడవ ఎక్కుదామన్నారు. వద్దన్నాను. ఎందుకన్నారు. కింద నీళ్ళున్నాయన్నాను. అత్తయ్య నుదురు కొట్టుకుంది. అలా అందరి సరదా మీదా నీళ్ళు చల్లుకుంటూ లైట్‌హౌస్ చేరాం.

లైట్‌హౌస్ గోడ నీడలో ఒక ముసలాయన మూడు కాళ్ళ స్టాండు మీద దుర్భిణి పెట్టుకుని, గుడ్డ స్టూలు మీద కూర్చున్నాడు. దూరంగా వెళ్ళే ఓడల్ని చూపించడం ఆయన పని. ఏళ్ళ తరబడి ఒక కన్ను మూసి చూసీ చూసీ, మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఎడమ కన్ను సగం మూసే ఉంటుంది. పైగా కాస్త నత్తి. బొంగరాన్ని స్టూలెక్కించి చూపించాడు.

"అమ్మా! ఓడ మీద ఒకాయన బట్టలారేసుకుంటున్నాడు!"

"పి... పిల్లలు ఊరికే చూడొచ్చు తల్లీ" అన్నాడాయన నాతో.

ఊరికే ఎందుకు? పైగా సగం మూసిన ఆ కన్నేమిటి? నా అరచేయి తడిసింది.

పక్కనే ఉన్న సిమెంటు బల్ల మీద కూర్చుని సంచులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. కంగారు పుడితే నేను లెక్కపెడతాను. సంచులు నాలుగు, నీళ్ళ సీసాలు రెండు, గొడుగు ఒకటి. మళ్ళీ మొదటి నుంచి. మధ్యమధ్యలో ఎలాస్టిక్ మెల్లగా అటు లాగేది, ఇటు వదిలేది. లాగినప్పుడల్లా హమ్మయ్య, పిల్ల ఉంది అనుకునేదాన్ని. అంత ప్రశాంతంగా నేను ఆ రోజు మరెప్పుడూ లేను.

తొమ్మిదోసారి లెక్క సరిపోయాక వెనక్కి తిరిగాను.

ఎలాస్టిక్‌కి అటు చివర పిల్ల లేదు. ముసలాయన స్టాండు కాలుంది. కొక్కెం దానికి తగిలించి ఉంది. ఆయన ఎవరికో ఓడ చూపిస్తూ దుర్భిణి తిప్పినప్పుడల్లా నన్ను లాగుతున్నది అదన్నమాట. మా ఆయన లేరు. అత్తయ్య లేదు. బొంగరం లేదు.

"పిల్లల దొంగ!" అని అరిచాను.

ఆ గొంతు నాదేనని నాకే తెలియలేదు. జనం చుట్టేశారు. "ఎవరు, ఎవరు?" అన్నారు. నేను వేలు చూపించాను. ఈ వేలే. ఇప్పుడు ఇది రాస్తున్న వేలు.

"మీ... మీ పా... పాపే..." అంటున్నాడాయన.

"పాప ఎక్కడో చెప్పు ముందు!" అన్నాడొకడు ఆయన కాలరు పట్టుకుని.

"పాపే చె... చె..."

"అబద్ధం వెతుక్కుంటున్నాడు చూడండి!"

నేను ఆగలేదు. బొంగరం నీళ్ళలోకి వెళ్ళిందేమోనని సముద్రం వైపు పరిగెత్తాను. నడుముకి ఎలాస్టిక్ కుట్టి ఉందన్న సంగతే మరిచిపోయాను. అది సాగింది, సాగింది, ఇక సాగలేక స్టాండుని లాక్కొచ్చింది. దుర్భిణి రాళ్ళ మీద పడింది. అద్దం పగిలిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది.

ఇంతలో ఒడ్డున కాపలా కాసే ఆమె ఈల ఊదుకుంటూ వచ్చింది. "మీవాళ్ళ నంబరు చెప్పండి."

మా ఆయన నంబరు నోట్లోంచి రాలేదు. బుర్రలో తెల్లగుడ్డ పరిచినట్టుంది. "నా మెడ వెనక ఉంది" అన్నాను.

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, నా కాలరు తిరగేసి, పీలిక మీది నంబరు నొక్కింది. వెంటనే నా సంచిలో ఫోను మోగింది. ఆత్రంగా తీశాను.

"హలో! మా పిల్ల దొరికిందా అండీ?"

"హలో" అంది నా ఎదురుగా నిలబడ్డ కాపలా ఆమె. "నేనేనమ్మా. పెట్టెయ్యండి."

అప్పుడు మోగింది మైకు, ఒడ్డు పొడుగునా.

"అందరూ గమనించాలి. ఒక తల్లి తప్పిపోయారు. వయసు ఇరవై ఆరు. గుర్తులు: భుజం పద్నాలుగు, చెయ్యి పదిన్నర, మెడ పదమూడు, నడుము ముప్పై ఆరు..."

మైకులో గరగర. వెనకనుంచి మా ఆయన గొంతు: "ముప్పై ఆరున్నర అని చెప్పండి. ఎందుకైనా మంచిది."

సముద్రం ఒడ్డంతా నా నడుము వైపు చూసింది. దానికి మూడు మీటర్ల ఎలాస్టిక్ వేలాడుతోంది.

తరవాత చిన్న గొంతు వచ్చింది. "అమ్మా, భయపడకు. ఉన్నచోటే ఉండు. ఎవరు పిలిచినా వెళ్ళకు. నేనొచ్చి తీసుకెళ్తా."

రోజూ నేను దానికి చెప్పే మాటలే, ఒక్క అక్షరం పోకుండా.

జనం విరగబడి నవ్వారు. నవ్వుకుంటూనే విడిపోయారు. ముసలాయన కాలరు పట్టుకున్నవాడు, పట్టుకున్న కాలరుని తనే సర్ది, ఏమీ ఎరగనట్టు అందరికన్నా ముందు జారుకున్నాడు.

ముసలాయన వంగి అద్దం ముక్కలు జేబురుమాల్లో ఏరుకున్నాడు. ఇప్పుడు అడ్డొచ్చేవాళ్ళు లేరు కాబట్టి మాట పూర్తి చేశాడు.

"మీ పాపే చెప్పింది తల్లీ. ‘నాన్నతో పైకెళ్తున్నా తాతా, మా అమ్మ ఊరికే భ... భయపడుతుంది, నేనొచ్చేదాకా చూస్తుండు’ అంది. కొక్కెం అదే తగిలించింది. అందుకే నేను ఇక్కణ్ణుంచి క... కదల్లేదు."

ఒక్క మాట అనాల్సింది నేను. వంగి స్టాండు కాలి నుంచి కొక్కెం విప్పుకున్నాను. అంతే. నేను చేసింది అంతే.

బొంగరం పరిగెత్తుకుంటూ వచ్చి నా కాళ్ళని చుట్టేసింది. దాన్ని ఎత్తుకుని, ఏడ్చి, తిరిగి చూసేసరికి గోడ నీడ ఖాళీగా ఉంది.

తిరుగు బస్సులో అడిగాను. "చెప్పకుండా ఎలా వెళ్ళావే?"

"చెప్పాను కదమ్మా. నాన్నతో పైకెళ్తున్నా అన్నాను. ఊఁ అన్నావు. రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఊఁ అన్నావు."

"నేనూ విన్నాను" అన్నారు మా ఆయన. "ఒప్పుకున్నావనే అనుకున్నాను. అమ్మ కూడా మాతోనే ఎక్కింది. లైట్‌హౌస్ దిగేదారి అవతలివైపుంది. దిగి చూస్తే బల్ల దగ్గర జనమే తప్ప నువ్వు కనపడలేదు."

మరి నాకెందుకు వినపడలేదు? సంచులు నాలుగు, సీసాలు రెండు, గొడుగు ఒకటి.

అత్తయ్య ఏదో ఒకటి అంటుందని కాచుకుని కూర్చున్నాను. అనలేదు. మా ఆయన కూడా దారి పొడుగునా ఒక్క జోకు వెయ్యలేదు. తిట్టినా బాగుండేది. చివరికి అత్తయ్య తన మెడ వెనక పీలికని తడుముకుంటూ, "ఇది ఉంచుకుంటానే అమ్మాయ్, గుచ్చుకున్నా ఫరవాలేదు" అంది. దానికి నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

తరవాత రెండు ఆదివారాలు ఆ ఊరు వెళ్ళొచ్చాం. ఈసారి చేపలూ చూడలేదు, పడవలూ చూడలేదు. లైట్‌హౌస్ గోడ నీడలో స్టూలు లేదు. ఆ రోజు నుంచీ ఆయన రావడం లేదని ఈల ఆమె చెప్పింది. ఇల్లెక్కడో ఆమెకీ తెలియదట. పోయిన వారం దుర్భిణికి మందపాటి నల్లగుడ్డతో ఒక తొడుగు కుట్టాను. కొలత మా ఆయన కళ్ళతో చూసి గుర్తుపెట్టుకున్నదే, అరంగుళం వదులు. లోపల పీలిక మీద ఈసారి మా ఆయన నంబరు రాశాను. పీలిక కింద మా బొంగరం ఒక ఓడ బొమ్మ గీసింది. ఓడ మీద బట్టలారేసుకుంటున్న మనిషి కూడా ఉన్నాడు. ఆ తొడుగు ఇప్పుడు నా మిషను సొరుగులో ఉంది.

మీతో పనుందన్నాను కదా. మీలో ఎవరైనా ఆదివారం పూట అటు వెళ్తే, లైట్‌హౌస్ గోడ నీడలో ఎడమ కన్ను సగం మూసి మాట్లాడే ముసలాయన కూర్చుని ఉన్నాడేమో ఒకసారి చూడండి. ఉంటే ఎలా ఉన్నాడో, అద్దం బాగుచేయించుకున్నాడో లేదో అడిగి నాకు కబురు చెయ్యండి. మాట మొదలుపెట్టడానికి ఆయనకి కాస్త సమయం పడుతుంది. మధ్యలో అందుకోకండి. పూర్తయ్యేదాకా వినండి.