గంగా వాక్య విజయము

ఆలకింపుడు, ఓ సహృదయులారా, చెవులు రిక్కించి, సెల్‌ఫోనులు బోర్లించి ఆలకింపుడు! శరదృతువు సెలవు పుచ్చుకొనుచు హేమంతునకు తాళంచెవులు అప్పగించు వేళ, వలిసెపూల పసుపుతో అరకులోయ ఆసాంతము మెరయు వేళ, కాఫీపండ్లు కొమ్మకొమ్మకు ఎర్రబడి “కోయరేమి, కోయరేమి” అని తొందరపెట్టు వేళ, లోయకు ఎగువన, జీపు ఎక్కలేక దగ్గి ఆగిపోవు మలుపునకు మరికొంత ఎగువన, ఒక గది, ఒక వరండా, ఒక బోరింగు, ఒకే ఒక్క టీచరు కలిగిన ప్రాథమిక పాఠశాలయందు త్రిలోకభయంకరమగు సంగ్రామమొకటి జరిగెను. త్రిలోకములకు ఆ సంగతి తెలియకపోవుటకు కారణము అక్కడ సిగ్నల్ లేకపోవుటయే.

ఆ రణరంగానికి సర్వసేనాని పైడితల్లి టీచరు. పార్వతీపురం పక్క పల్లెలో పుట్టిన పరాక్రమశాలిని, సుద్దముక్కాయుధధారిణి, గుడ్లు, చిక్కీలు, చీమిడిముక్కులు సమదృష్టితో చూడగల స్థితప్రజ్ఞ, ముఖం చూపి హాజరు వేయించుకునే యాప్ కరుణించక, ప్రతి ఉదయం బడి వెనక బండరాయి ఎక్కి ఆకాశానికి ముఖారవిందం చూపించే తపస్విని. ఇంతటి వీరనారికి ఒక బద్ధశత్రువు ఉంది. దాని పేరు కోరస్.

అది మామూలు కోరస్ కాదు. టీచరు ఏ పిల్లనైనా లేపి “చదువమ్మా” అన్నదే తడవు, ఆ పిల్ల మొదటి మాట దగ్గర తడబడిందో లేదో, బడి బడంతా ఒక్కుమ్మడిగా లేచి, పర్వతగుహాప్రతిధ్వనిత సింహనాదసదృశ మహాఘోషంతో మిగతా పాఠమంతా ఒప్పజెప్పేసేది. ఇందులో అల్లరి లేదు, పొగరు లేదు. ఆ కొండల్లో ఒకరి చేను అందరూ కోస్తారు, ఒకరి ఇంటికప్పు అందరూ ఎక్కి నేస్తారు, ఒకరు కాలు జారితే పక్కవాళ్ళు భుజం అందిస్తారు. మాట దగ్గర జారిన పిల్లని వదిలేసి కూర్చోవడం వాళ్ళకి చేతకాదు. అలాంటి మంచితనాన్ని ఏ బెత్తంతో కొడతాం చెప్పండి?

ఇట్లుండగా ఒకనాటి పొద్దున, కాఫీతోట దిగి, నడుముకు బుట్టతో, ఈశ్వరమ్మ బడి గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఆమె మూడో తరగతి గంగకు తల్లి. బడి పైనున్న వాలు అంతా వాళ్ళ తోటే.

“టీచరమ్మా, మా గుంట సదువుతందా?”

“మీరే వినండి,” అంది పైడితల్లి, గర్వం గొంతులో దాచుకోలేక. సైగ చేసింది. గంగ పుస్తకం తెరిచింది. బడి కప్పు అదిరింది: “ఉడుత ఉదయమే లేచింది! ఊయలకి తీగ వెతికింది! తీగ తెగింది, తోక నొచ్చింది!”

ఈశ్వరమ్మ చలించలేదు. బుట్ట దించి, రెండు చేతులూ కట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉడుత ఉదయమే లేచిన దగ్గర్నుంచి దాని తోకకి పసరు కట్టేదాకా పాఠమంతా గడగడా చెప్పేసింది. పేజీ తిప్పే చోట పిల్లలు ఆగే లెక్కన తానూ ఆగింది.

“పైన పళ్ళు కోత్తా రోజూ ఇంటన్నాను. నాకూ వచ్చీసింది. నానెప్పుడు బడికెళ్ళినానమ్మా? ఇది సదువైతే నానూ సదువుకున్నదాన్నే.”

ఆ మాట పైడితల్లికి చెంపదెబ్బలా తగిలింది. ఎందుకంటే అది నిజం. గంగకి చదవడం వచ్చా రాదా? ఆ రహస్యం టీచరుకీ తెలియదు, గంగకీ తెలియదు. పాపం, ఆ పిల్ల ఇంతవరకూ ఒక్క మాటైనా ఒక్కతే చదివి చూసుకోలేదు.

“ఇనుకో,” అంది ఈశ్వరమ్మ. “సంత మర్నాడు వత్తాను. ఓ మాట నీ సెవిలో సెప్తాను. నువ్వు బోర్డు మీద రాయి. గుంట ఒక్కత్తే సదవాల. సదివిందా, బడికొత్తాది. సదవలేదా, బుట్ట కట్టుకుని నాతో తోటకొత్తాది. పళ్ళు రాలిపోతన్నాయి, నాకు సేతులు సాల్డం లేదు.”

గంగ తల వంచుకుంది. ఆ పిల్లకి బడి ఇష్టం. ఎంత ఇష్టమంటే, ఆదివారం కూడా వచ్చి గొళ్ళెం లాగి చూసి పోతుంది.

అంతట పైడితల్లి సుద్దముక్క పైకెత్తి సేనల నుద్దేశించి ఇట్లు గర్జించెను: “ఓ బాలవీరులారా! నేటినుండి మీ జిహ్వాశ్వములకు కళ్ళెములు బిగింపుడు! గంగాభవానీ పఠనరథము కదలునపుడు మీలో నెవ్వడేని పెదవి మెదపెనా, వాని పేరు పర్ణశాలాద్వారమున నిలువుకాళ్ళ శిక్షకు లిఖింపబడును!” అసలైతే ఆవిడ అన్నది, “ఒరే, గంగ చదివేటప్పుడు నోరెత్తితే గుమ్మంలో నిలబెడతాను” అని. వీరగాథకు అంత చిన్న మాట ఆనదు గనక కాస్త పొడిగించాను.

గంగ లేచింది. “ఉడుత ఉ...” అని ఆగింది. గది అంతా ఊపిరి బిగబట్టింది. మరుక్షణం, “ఉదయమే లేచింది!” అని కప్పు లేచింది. శిక్ష ప్రకారం బడంతా గుమ్మంలో నిలబడాలి; గుమ్మం చాలలేదు.

అప్పుడు పైడితల్లి వారుణాస్త్రం సంధించింది. ప్రతి నోట్లోనూ బోరింగు నీళ్ళు పోయించి, మింగకూడదు, ఉమ్మకూడదు అని ఆన పెట్టింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. గంగ మొదలుపెట్టింది. “ఊయలకి తీ...” దగ్గర ఆగింది. నీళ్ళ వెనకనుంచి “గ్ల గ్ల గ్ల” అని ఒక పాఠం వినిపించసాగింది. మొదటి వరసలోని కామేష్ సాయం చెయ్యాలనే ఆరాటం ఆపుకోలేకపోయాడు. ఆపుకోలేక నవ్వాడు. తదనంతర జలప్రళయంలో బోర్డు కడుక్కుపోయింది, హాజరుపట్టీ తడిసింది, టీచరు చీర పిండాల్సి వచ్చింది.

మర్నాడు గంగను తప్ప అందరినీ బోరింగు అవతలికి బహిష్కరించింది. కిటికీలోంచి గంగ పెదవులు ఆగడం వాళ్ళకి కనబడింది. బోరింగు అవతలినుంచి ఉడుత మళ్ళీ ఉదయమే లేచింది. ఇక ఉడుతతో లాభం లేదని, ఎవరికీ రాని కొత్త వాక్యం రాసింది టీచరు. గంగ “మా ఊరి...” అందో లేదో, తలో దిక్కునుంచీ సాయం వచ్చి పడింది: “కొండ!” “మేక!” “గెడ్డ!” “టవరు!” ఆ ఊళ్ళో టవరు లేదు. అయినా సాయం సాయమే.

పైడితల్లికి ఏడుపొచ్చింది. ఆ గొడవకి కాదు. ఇంకో రెండు రోజుల్లో ఈ పిల్ల నడుముకి బుట్ట కట్టుకుని తన కళ్ళముందే వాలు ఎక్కుతుంది, తను కింద నిలబడి చూస్తుంది, అంతే కదా అనిపించి. వరండా మెట్టు మీద కూలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అది ఇంటర్వెల్ సమయం. ఎదురుగా పిల్లలు థింసా ఆడుతున్నారు. చేతులు వీపుల వెనకనుంచి పెనవేసుకుని వరసగా నిలబడ్డారు. వరస కొసన గంగ ఉంది. గంగ పాట అందుకుంది, మధ్యలో ఏదో మరిచిపోయి ఆగింది. ఎవరూ అందించలేదు. ఆకాశం చూసింది, కాలి బొటనవేలు చూసుకుంది, అయినా అందించలేదు. కామేష్ సైతం నోరు మూసుకుని నిలబడ్డాడు. గంగకి గుర్తొచ్చి లైను పూర్తిచేశాకే వరసంతా ఆ లైను తిరిగి పాడింది.

టీచరు లేచి నిలబడింది. “కామేషూ, ఇప్పుడెందుకు అందించలేదురా?”

“ముందున్నోలు ఇచ్చీదాకా ఎనకున్నోలు అందుకోకూడదు కద టీచర్,” అన్నాడు వాడు, ఇంత తెలియదేటి అన్నట్టు. “తప్పు.”

గుమ్మం శిక్ష చేయలేనిది, వారుణాస్త్రం చేయలేనిది, ఆ ఒక్క “తప్పు” చేసేసింది! పైడితల్లి తక్షణం బెంచీలు గోడకి నెట్టించింది. సేననంతటినీ బోర్డు ముందు థింసా వరసలో పెనవేసి నిలబెట్టి, గంగను కొసన ముందుంచింది. గంగ చదివేది మొదటి పాట, తక్కినవాళ్ళది వెనకపాట. గంగ లైను ముగించేదాకా వెనక పెదవి కదలరాదు. ముగించాక మాత్రం ఎంత గట్టిగానైనా అరుచుకోవచ్చు.

గంగ ఒక మాట దగ్గర ఆగింది. నిశ్శబ్దం. ఆ బడిలో అంతటి నిశ్శబ్దం వేసవి సెలవుల్లో కూడా ఉండేది కాదు. గంగ అక్షరాన్ని చూసింది, పక్క అక్షరాన్ని చూసింది, రెంటినీ కలిపి నోట్లో తిప్పుకుంది. ఆ నిశ్శబ్దాన్ని భగ్నం చెయ్యబోయిన ద్రోహి ఒక్కరే: పైడితల్లి టీచరు. అందించడం ఆవిడకి అంతగా అలవాటైపోయింది. “అది ఏమిటంటేనమ్మా...” అని నాలిక చివరిదాకా వచ్చిన మాటను కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకుంది. కొంతసేపటికి గంగ ఆ మాటను తనంతట తానే పలికింది. పలికి, ఎవరో వెనకనుంచి పిలిచినట్టు ఉలిక్కిపడింది.

సంత మర్నాడు వచ్చింది. ఈశ్వరమ్మ వచ్చింది. ఆమె చేతిలో గంగ నడుముకి సరిపడే చిన్న బుట్ట వచ్చింది. వెనకనే, తమాషా చూద్దామని గంగ తండ్రి గాసి, మంచు ఇంకా విడవని పొద్దుట నల్ల కళ్ళజోడు పెట్టుకుని మరీ వచ్చాడు.

ఈశ్వరమ్మ టీచరు చెవిలో ఏదో చెప్పింది. పైడితల్లి కనుబొమలు జుట్టులోకి వెళ్ళిపోయాయి. “ఇదేనా రాయడం?”

“అదే. నా మాట నాకు తెలుసు. గుంట ఏటి సదివినా నాకు తెలిసిపోద్ది.”

టీచరు రెండు లైన్లలో ఆ వాక్యం రాసి, కొంగు నోట్లో పెట్టుకుని పక్కకి తప్పుకుంది. వరస బిగిసింది. గంగ ఒక్కో మాటనే పట్టుకుని నడిచింది: “మా... నల్ల... కోడిని... నక్క... తినలేదు.” వెంటనే వెనకపాట ఉరిమింది: “మా నల్ల కోడిని నక్క తినలేదు!” కోడిని నక్క తినేసిందని ఇంట్లో తానే చెప్పిన సంగతి ఆ హుషారులో మరిచి, గాసి కూడా తలూపాడు. ఆయనకి చదువు రాదు గనక రెండో లైను మీద బెంగ లేదు.

గంగ రెండో లైను చూసింది. పెదవులు కదిలాయి. ఆగిపోయింది.

వరస కదలలేదు. పైడితల్లి కొంగు కొరికేసింది. గంగ బోర్డుని చూసింది, తండ్రిని చూసింది, తల దించుకుంది. అయిపోయింది, అనుకుంది టీచరు, కళ్ళు మసకబారాయి.

“ఏటే, రాలేదా?” అంది ఈశ్వరమ్మ. బుట్ట తాడు విప్పుతున్న ఆమె చేతులకి కూడా తొందర లేదు.

“వచ్చింది.”

“మరి సదవ్వేటి?”

“సదివీసినాను, లోపల,” అంది గంగ మెల్లిగా. “బయటికి సదివితే నాన్నకి కోపమొత్తాది.”

ఓ శ్రోతలారా! ఆ క్షణాన పైడితల్లి నోట్లోని కొంగు దానంతటదే జారిపోయింది. బోర్డు మీది గీతల్లోంచి ఒక పిల్ల తనంతట తాను వార్త తీసుకుని, అది ఎవరికి ఏం చేటు తెస్తుందో కూడా ఆలోచించుకుంది! ఇంతకంటే చదువంటే ఏమిటి? ఈశ్వరమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

“కోపం నాను సూసుకుంతాను. బయటికే సదువు.”

గంగ ఊపిరి పీల్చుకుని చదివింది: “నాన్న... సంతలో... అమ్మేసి... నల్ల... కళ్ళజోడు... కొన్నాడు!”

ముందున్నవాళ్ళు ఇచ్చాక వెనకున్నవాళ్ళు అందుకోకపోవడం తప్పు. అందుకున్నారు. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన సాయమంతా ఒక్కసారి బద్దలై, “నాన్న సంతలో అమ్మేసి నల్ల కళ్ళజోడు కొన్నాడు!” అని ఆ ఘోష కిటికీలు దాటి, బోరింగు దాటి, కింద పారే గెడ్డ దాటి, అవతలి కొండకి తగిలి, ఎవరైనా వినలేదేమోనని మళ్ళీ వెనక్కి వచ్చింది. తోటల్లో పళ్ళు కోస్తున్న ఆడవాళ్ళంతా నవ్వడం వినిపించింది.

గాసి కళ్ళజోడు తీశాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. “ఎండకి కళ్ళు మండతన్నాయి కదేటే,” అన్నాడు మంచులో నిలబడి.

ఈశ్వరమ్మ చిన్న బుట్ట తాడుని సాగదీసి, కూతురి కోసం తెచ్చిన ఆ బుట్టని మొగుడి నడుముకి ముడివేసింది. అది ఆయనకి బొడ్డు మీద చిప్పలా నిలిచింది.

“నడు, సేతులు సాల్డం లేదన్నాను కదా,” అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “గుంటా, రేపు బేగి లెగు. బడికి.”

జయము! జయము! ఇట్లు సకలలోకములు ఏమరుపాటున నుండగా, అరకు ఎగువ కొండలయందు, మూడవ తరగతి చదువు గంగ అను బాలిక, ఎవ్వరును అందింపక, ఎవ్వరును తోడు రాక, ఒక్కతె, ఒకే ఒక్క వాక్యమును ఈ చివర ప్రవేశించి ఆ చివర ప్రాణములతో బయటపడెనని దిక్కులన్నియు ఎరుగుగాక! సామ్రాజ్యములేవియు కూలలేదు, కిరీటములేవియు చేతులు మారలేదు. తెలుగు వాచకమందు ఇంక వాక్యములు కోకొల్లలు మిగిలియున్నవి. గంగ మర్నాడు అందరికంటే ముందు వచ్చి, గొళ్ళెం తీసి, వాటితో పని మొదలుపెట్టింది.