నిలబడే సైనికుడికి మతి ఉందా?

మీ ఇంట్లో మతి స్థిమితం లేనివాళ్లు నలుగురైనా లేరా? అయితే ఈ వారమే తెచ్చిపెట్టుకోండి. ఇది నా సవినయ సలహా!

కంగారు పడకండి. నేను చెప్పేది వీడియో గేముల సంగతి. కత్తులు, మంత్రాలు, రెక్కల పాములు ఉండే ఆటలు మీరూ చూసే ఉంటారు. అందులో ఆడేవాడే నాయకుడు. అతని వెంట నలుగురు సహచరులు నడుస్తారు. పగలంతా అతని కోసం యుద్ధాలు చేస్తారు. పొద్దుగూకాక మజిలీలో మంట చుట్టూ చేరి ఒక్కొక్కరూ తమ గోడు వెళ్లబోసుకుంటారు. విచిత్రమేమిటంటే, ఆ నలుగురిలో ఒక్కరికీ బుర్ర తిన్నగా ఉండదు.

ఇలాంటివాళ్లను చూసి సమాజం చెడిపోతోందని వాపోయే పెద్దమనుషులు కొందరున్నారు. శుద్ధ తప్పు! వీళ్లు మా హాల్లో అడుగుపెట్టాకే మా కుటుంబం ఒక దారిన పడింది.

అంతకుముందు మా సాయంత్రాలు ఎలా ఉండేవనుకున్నారు? అమ్మ తన గదిలో రేడియోతో, మా ఆవిడ వంటింట్లో ఫోనుతో, నేను బాల్కనీలో పేపరుతో. ముగ్గురం ఒక్కచోట చేరేది కరెంటు పోయినప్పుడే. అదీ కొవ్వొత్తి దొరికేదాకానే. ఇప్పుడో? ఆరు కొట్టేసరికి అందరం ఒకే సోఫా మీద! పక్కింటి రిటైర్డు జడ్జిగారైతే తన కుర్చీ తానే మోసుకుని వస్తున్నారు. సోఫా మీద కూర్చుంటే ఆయనకు తీర్పు రాదట.

ఈ పుణ్యమంతా మా తమ్ముడిది. వాడు లిఫ్టుల మెకానిక్కు. ఎక్కడ లిఫ్టు మధ్యలో ఆగిపోయినా పరుగెత్తుకెళ్లి లోపలివాళ్లను బయటికి తియ్యడం వాడి పని. "ముందు తలుపు జోలికి పోకూడదన్నయ్యా. లోపలున్న మనిషికి 'నేనిక్కడే ఉన్నా, ఎక్కడికీ పోను' అని చెప్పాలి. ఆ మాట వింటే సగం ఏడుపు ఆగిపోతుంది" అని ఒకప్పుడు గొప్పగా చెబుతుండేవాడు. ఐదు నెలల కిందట ఆ ఉద్యోగం మానేసి, పది రోజులు రెస్టు తీసుకుంటానని మా ఇంటికి వచ్చాడు. ఒక బట్టల సంచీ, ఈ గేము పెట్టె తెచ్చుకున్నాడు. పది రోజులు ఐదు నెలలెలా అయ్యాయని మేం ఒక్కనాడూ అడగలేదు. మేం మర్యాదస్తులం.

ఇక ఆ నలుగురూ ఎవరంటారా? మొదటిది మంత్రగత్తె. చచ్చిపోయిన తండ్రి ఆత్మను సీసాలో బిగించి నడుముకు కట్టుకుని తిరుగుతుంది. రోజూ బిరడా తీసి ఆయనతో పోట్లాడి, మళ్లీ బిగించేస్తుంది. తర్వాత వైద్యుడు. రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోతాడు కాబట్టి గంతలు కట్టుకుని వైద్యం చేస్తాడు. ఎవరి దెబ్బకు ఎవరి కాలికి కట్టు పడుతుందో దేవుడికెరుక. విలుకత్తె ఒకతి ఉంది. ప్రతి బాణానికీ ముద్దుపేరు పెట్టుకుని, వదిలేముందు వీడ్కోలు చెప్పి ఏడుస్తుంది. ఈలోగా శత్రువు వచ్చి మీద పడతాడు.

నాలుగోవాడు సైనికుడు. వీడు ఏమీ చెయ్యడు. నిలబడతాడు, అంతే. మంట చుట్టూ అందరూ కూర్చున్నా వీడు మాత్రం నిలబడే ఉంటాడు.

వీళ్లకు మతి ఉందా లేదా అన్న విచారణతో మా ఇంటి మేధస్సు కట్టలు తెంచుకుంది. మా ఆవిడ ఆరు రోజుల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కోర్సు చేసింది. సర్టిఫికెట్టు ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది, పాల ప్యాకెట్టు కోసం వెళ్లినవాళ్లందరూ చదివి తీరాలి. "మంత్రగత్తెది చైల్డ్‌హుడ్ ట్రామా. తండ్రితో తెగని లెక్కలున్నాయి" అని తేల్చేసింది. "ముద్దాయి తండ్రిని కూడా విచారించాలి. సీసాలో ఉన్నంత మాత్రాన సాక్షి కాకుండా పోడు" అన్నారు జడ్జిగారు. ముప్ఫై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మా అమ్మ మాత్రం, "ఆ పిల్లకో మంచి సంబంధం చూడండిరా, సీసా అదే వదిలేస్తుంది" అంది.

మీరే చెప్పండి, మీ ఇంట్లో ఎప్పుడైనా ఇంత లోతైన చర్చ జరిగిందా? మా ఇంట్లో మాత్రం అంతకుముందు ఏం జరిగింది లెండి! మా మేనమామ కొడుకు తనకు నిద్ర పట్టడం లేదని ఫోన్ చేస్తే, "టీ తగ్గించు నాయనా" అని పెట్టేశాం. మా పెదనాన్న కూతురు ఆర్నెల్లు గది తలుపేసుకుని కూర్చుంటే, పరీక్షలకు చదువుకుంటోందని అందరికీ చెప్పాం. దాని పరీక్షలు అయిపోయి అప్పటికి మూడేళ్లు! అదే మంత్రగత్తె దగ్గరికొచ్చేసరికి? డిప్రెషన్, యాంగ్జైటీ, ప్యానిక్ ఎటాక్! కిటికీలు మూయకుండా, గొంతు తగ్గించకుండా, టీ తాగుతూ, బిస్కెట్లు నములుతూ! ఇది ప్రగతి కాక మరేమిటి?

విచారణ పద్ధతి కూడా చెప్పాలి. ఆ గేము తెలుగులో లేదు, అంతా ఇంగ్లీషే. తెర కింద వచ్చే అక్షరాలు చీమలబారు. మాటలేమో మా తమ్ముడి హెడ్‌ఫోన్సులోకి పోతాయి. వాడు విని, ఆ సహచరుడు ఏమన్నాడో మాకు తెలుగులో చెబుతాడు. దానికి ఇవ్వదగిన జవాబులు మూడుంటే మూడూ చదువుతాడు. మేం చర్చించి, చేతులెత్తి ఓటు వేస్తాం. వాడు ఆ జవాబు నొక్కుతాడు. నేను నోట్‌బుక్కులో అన్నీ రాస్తాను, ఎంతైనా కాలమిస్టును కదా.

మిగతా ముగ్గురితో చిక్కు లేదు. తలనొప్పంతా సైనికుడితోనే. వాడి వాంగ్మూలం వినండి. "పొద్దున్నే బూట్లు చూస్తే గుండెల్లో దడగా ఉంటోందట. లేసులు కట్టుకోవడానికే గంట పడుతోందట" అన్నాడు తమ్ముడు ఒకరోజు. "కత్తుల కాలంలో లేసులా?" అని జడ్జిగారు కనుబొమలెగరేశారు. నోట్‌బుక్కులో 'చరిత్ర దోషం' అని రాసుకున్నాను. ఇంకోరోజు, "నాలుగు గోడల మధ్య ఆగిపోయినట్టు ఉంటోందట. పైకీ లేదు, కిందికీ లేదట" అన్నాడు. "ఎప్పుడో కోట జైల్లో పడి ఉంటాడు" అని మా ఆవిడ వెంటనే కనిపెట్టేసింది. సర్టిఫికెట్టంటే మాటలా!

అమ్మ ఒక్కతే బిస్కెట్టు పక్కన పెట్టేసి, "ఈ మనిషి గొంతు బాగాలేదురా" అంది.

మేం పగలబడి నవ్వాం. "గొంతు హెడ్‌ఫోన్సులో ఉందమ్మా! నీకెలా వినిపించింది?" అన్నాను.

"వినిపించింది" అంది అమ్మ.

మొన్న శనివారం తుది విచారణ జరిగింది. ఈ ఆటలో నచ్చని సహచరుణ్ని మజిలీ నుంచి పంపించేసే వీలుంది. ఐదు యుద్ధాల్లో ఒక్కసారీ కత్తి దూయని సైనికుడి మీద మాకందరికీ విసుగు పుట్టింది. ఆ సాయంత్రం తమ్ముడు హెడ్‌ఫోన్సు సర్దుకుని, తెర వైపే చూస్తూ చెప్పాడు. "వెళ్లిపోదామనుకుంటున్నాడట. తన వల్ల అందరికీ బరువేనట. మూడు జవాబులున్నాయి. ఒకటి, వెళ్లు. రెండు, నీ ఇష్టం. మూడు, ముందు కూర్చో, ఏమైందో చెప్పు."

నలభై నిమిషాలు వాదించుకున్నాం. "ఇలాంటివాళ్లను వెంటేసుకుంటే మన ఎనర్జీ మొత్తం పీల్చేస్తారు. బౌండరీస్ ఉండాలి" అంది మా ఆవిడ. "ఐదు యుద్ధాలు గడువిచ్చాం. ఇంతకన్నా న్యాయస్థానం ఏం చెయ్యగలదు?" అన్నారు జడ్జిగారు. తీర్పు రాసింది నేనే. 'నిలబడుటయే వృత్తిగా గల ఈ వ్యక్తికి ఒళ్లు బద్ధకం తప్ప వేరే వ్యాధి లేదని తేలినందున, మజిలీ నుంచి పంపివేయడమైనది.' చదివి వినిపిస్తే జడ్జిగారు చప్పట్లు కొట్టి, ఒక కాపీ ఇమ్మన్నారు.

"కూర్చోమనండి ముందు. నిలబడి నిలబడి కాళ్లు ఎంత పీకుతున్నాయో పాపం" అంది అమ్మ. అమ్మది మూడో జవాబు. మూడు ఓట్లకు ఒకటి. ప్రజాస్వామ్యంలో మెజారిటీదే మాట కదా!

తమ్ముడు తెర వైపు తిరిగి, "సరే" అన్నాడు. ఏ బటన్ నొక్కాడో మేమెవరం చూడలేదు. నా తీర్పులోని భాష గురించి మాట్లాడుకుంటున్నాం.

మర్నాడు పొద్దున పది గంటలకు, "కటింగ్‌కి వెళ్లొస్తా" అన్నాడు. జుట్టు మెడ దాటి ఎన్నాళ్లయిందో! "ఎప్పుడొస్తావురా?" అంది అమ్మ. "వస్తాలే" అని దిగిపోయాడు.

వాడటు వెళ్లగానే జడ్జిగారు కుర్చీతో దిగారు. తీర్పిచ్చిన మర్నాడు అసలు రికార్డుతో ఒకసారి సరిపోల్చుకోవడం ఆయనకు సర్వీసంతా అలవాటు. ఆయన పోరు పడలేక టీవీ పెట్టి, స్టూలు లాక్కుని తెరకు జానెడు దూరంలో కూర్చున్నాను. చీమలు అక్షరాలయ్యాయి.

మంత్రగత్తెను పలకరించాను. సీసా, తండ్రి, పోట్లాట, అంతా తమ్ముడు చెప్పినట్టే ఉంది. వైద్యుడు, విలుకత్తె కూడా అంతే. సైనికుడు ఇంకా మజిలీలోనే ఉన్నాడు. అతని దగ్గరికి వెళ్లి బటన్ నొక్కాను. "వాన వచ్చేలా ఉంది. కత్తికి నూనె రాసుకోవాలి" అన్నాడు. మళ్లీ నొక్కాను. "వాన వచ్చేలా ఉంది. కత్తికి నూనె రాసుకోవాలి." పదిసార్లు నొక్కినా అదే. జవాబులు ఒకటీ రెండూ మూడూ అసలు లేవు. లేసులు లేవు, అతను తొడుక్కున్నవి ఇనప తొడుగులు. నాలుగు గోడలూ లేవు.

"అంతేనా?" అన్నారు జడ్జిగారు.

"అంతేనండి."

"మరి ఇన్నాళ్లూ మనం విన్న వాంగ్మూలం ఎవరిది?"

ఆయన నా మొహం చూసి, లేచి ఇంటికి వెళ్లిపోయారు. మొదటిసారి కుర్చీ మరిచిపోయారు.

కాబట్టి పాఠక మహాశయులారా, సహచరుల మతి స్థిమితం మీద మా కమిటీ తుది నివేదిక ఇది. ఆ బృందంలో అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నది సైనికుడే. వానొస్తే కత్తి తుప్పు పడుతుందని తెలిసిన మనిషికి ఏం రోగం? నలుగురి మనసులూ పొరలు పొరలుగా విప్పి నూట పది పేజీలు రాశాను. ఐదో మనిషి గురించి, ఐదు నెలలుగా మా సోఫా చివర కూర్చుని ఆ మాటలు చెబుతున్నవాడి గురించి, ఒక్క వాక్యం రాయలేదు.

అప్పుడు టైము చూశాను. పదకొండున్నర. సెలూన్ మా వీధి మలుపులోనే ఉంది, అరగంట పని. ఫోన్ చేస్తే వాడి గదిలోనే మోగింది. గుమ్మం పక్కన వాడి బూట్లు ఉన్నాయి. వచ్చిన రోజు విప్పి పెట్టినవి పెట్టినట్టే, లేసుల మీద దుమ్ము. వాడు వెళ్లింది చెప్పులతో. నాకు భయమేసింది. ఇందులో వ్యంగ్యం ఏమీ లేదు. బాల్కనీలోకి పరుగెత్తాను. అమ్మ అప్పటికే అక్కడ ఉంది. వాడు మెట్లు దిగినప్పటి నుంచీ అక్కడే నిలబడి ఉందట.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఎవరు మాట్లాడుతున్నారో గొంతు వింటే తెలీదట్రా?" అంది, వీధి మీంచి చూపు తిప్పకుండా.

పన్నెండుకి పది నిమిషాలుందనగా వాడు మలుపు తిరిగాడు. ఆదివారం కదా, సెలూన్‌లో క్యూ ఉందట. లోపలికి వస్తూనే, వెలుగుతున్న టీవీనీ, దాని ముందు స్టూలునీ, తెర మీద సైనికుణ్నీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

వారం వారం ఇంత పొడుగు వ్యాసం రాసేవాణ్ని. ముందు రెండే మాటలు దొరికాయి.

"తీర్పు తప్పురా" అన్నాను. "మూడో జవాబు నొక్కాల్సింది. అమ్మ చెప్పిందే రైటు."

నేను జడ్జిగారి కుర్చీ వాడి దగ్గరికి జరిపాను. ముందు తలుపు జోలికి పోకూడదని వాడే చెప్పిన మాట గుర్తొచ్చింది.

"నేనిక్కడే ఉన్నా. ఎక్కడికీ పోను" అన్నాను.

కొత్తగా కత్తిరించిన మెడ తడుముకుంటూ వాడు ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. "సైనికుడు ఏమంటాడంటే అన్నయ్యా..." అని మొదలుపెట్టి, ఆగి, రిమోట్ అందుకుని టీవీ ఆపేశాడు.

"పొద్దున్నే లేవాలంటే నాకు భయంగా ఉంటోంది" అన్నాడు.

నోట్‌బుక్కు చేతికందేంత దూరంలోనే ఉంది. ఆ తర్వాత వాడు చెప్పిందేదీ నేను రాసుకోలేదు. అందుకే ఈ కాలమ్ కూడా ఇక్కడితో ఆగిపోతోంది.