ముదురు పాకం పాప్‌కార్న్

ఇంట్లో, పొయ్యి మీద, స్వహస్తాలతో చేసుకునే పాప్‌కార్న్‌ను మించిన సంఘ సంస్కరణ ఈ కాలంలో మరొకటి లేదని నా దృఢమైన అభిప్రాయం. నవ్వకండి!

దాని మీద అభియోగాలు నాకు తెలియనివి కావు. గిన్నె మాడుతుంది. మూత కాస్త ఎత్తితే గింజ ఎగిరి నుదుటికి తగులుతుంది. పేలని గింజ పంటి కింద పడిందా, నేరుగా డెంటిస్టు దగ్గరికే. అన్నిటికీ మించి చేతులు జిడ్డు. అయ్యా, ఆ జిడ్డే కదండీ అసలు వరం! నమ్మకం లేకపోతే నరసాపురంలో మాణిక్యాంబ గారిని అడగండి.

మాణిక్యాంబ గారు లేసు అల్లుతారు. లేసు అల్లే ఇంట్లో ఒకటే శాసనం: జిడ్డు చేత్తో తెల్లదారం ముట్టుకోకూడదు. పునుగులు తిన్నవాడు దేవుడి గదిలోకైనా వెళ్ళొచ్చుగానీ ఆవిడ దారపుండల దగ్గరికి మాత్రం రాకూడదు.

అటువంటి ఆవిడకు ఒక చిక్కొచ్చిపడింది. రాజమండ్రిలో ఆడపిల్లలకు నెల్లాళ్ళు లేసు నేర్పడానికి రమ్మని కబురొచ్చింది. వెళ్ళాలని ఆవిడకు ప్రాణం కొట్టుకుంటోంది. ఆ మాట ఇంట్లో చెప్పాలి. చెప్పడానికి నోరుంది, వినడానికే ఎవరూ లేరు. లేరంటే, ఉన్నారు. భర్త వెంకటరాజు గారు, కొడుకు గణేష్‌బాబు, కోడలు పావని, ముగ్గురూ ఒకే సోఫాలో, మూడు ఫోన్లలో ఉన్నారు. ఆవిడ మొదలుపెట్టినప్పుడల్లా ఎవరో ఒకరు "ఊఁ" అంటారు. ఆ ఊఁ ఆవిడకో, ఫోనుకో తెలీదు. ఇల్లంటుకుందని చెప్పినా "ఊఁ, తర్వాత?" అనేటట్టున్నారు.

ఒక ముసురు సాయంత్రం ఆవిడ పాప్‌కార్న్ చేశారు. నెయ్యి చెయ్యి జారి కాస్త ఎక్కువే పడింది. టపటపలు ఆగాక పళ్ళెంలో పోసి ముగ్గురి మధ్యా పెట్టారు. వెంకటరాజు గారు గుప్పెడు నోట్లో వేసుకుని ఫోను మీద వేలు రాశారు. వేలు జారిందిగానీ బొమ్మ జరగలేదు. మళ్ళీ రాశారు. ఉహుఁ. విసుగ్గా తలెత్తారు. ఆయన కొత్త కళ్ళజోడు కొన్నారని మాణిక్యాంబ గారికి అప్పుడు తెలిసింది!

జిడ్డు సంగతి ఆవిడకు ఒకరు చెప్పాలా? మర్నాడు నెయ్యి గరిటెతో పోశారు. చెంచాలు పై అరలో దాచారు. చేతులు తుడుచుకునే గుడ్డలన్నీ బకెట్లో నానబెట్టారు. కాసేపటికి ముగ్గురి చేతులూ నేతిలో మునిగాయి, ఫోన్లు అనాథల్లా పక్కన పడి ఉన్నాయి. ఆహా, ఏమి నిశ్శబ్దం! ఆవిడ గొంతు సవరించుకున్నారు.

సరిగ్గా అప్పుడు వెంకటరాజు గారు ఫోను వైపు వంగి, "ఏమండీ, రేపటి వాతావరణం కాస్త చెబుతారాండీ," అన్నారు.

ఫోను చెప్పింది. ఆయన దానికి థాంక్స్ కూడా చెప్పారు.

మాణిక్యాంబ గారికి ఒళ్ళు మండింది. మండదా మరి? కాపురానికి వచ్చిన నాటి నుంచీ తనకు దక్కని "అండీ" అరచేతిలో పట్టే యంత్రానికి దక్కింది!

ఇంకొకరైతే పళ్ళెం విసిరికొట్టేవారు. ఆవిడ బెల్లం తీశారు. ఉండపాకం దాటించి, బాగా ముదరనిచ్చి, పేలాలు కలిపి, నోటికి నిండుగా పట్టే ఉండలు చుట్టి, తలా ఒకటి చేతిలో పెట్టారు. గోదావరి జిల్లాల్లో బెల్లం ఉండ వద్దన్నవాడు పుట్టాడా? ముగ్గురూ ఒక్కసారే కొరికారు. దవడలు అతుక్కున్నాయి. వేళ్ళకు వేళ్ళు అంటుకున్నాయి.

"సోమవారం నించి నెల్లాళ్ళు నేను రాజమండ్రి వెళ్తన్నాను, లేసు నేర్పడానికి," అన్నారావిడ తాపీగా. "వంటా వార్పూ మీరే చూసుకోవాలి. ఎవరికన్నా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పేయండి."

ముగ్గురూ కళ్ళు ఇంతింత చేసుకుని చూశారు. వెంకటరాజు గారి గొంతులో ఏదో కదిలిందిగానీ పాకం దాటి రాలేదు. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. ముగ్గురి మౌనం కలిపితే ఒకటిన్నర అంగీకారం! ఆవిడ వెళ్ళి పెట్టె సర్దుకున్నారు.

కనుక పాఠకులారా, గింజలు కొనండి, పొయ్యి వెలిగించండి. ఇంట్లోవాళ్ళ చేతులు కట్టి, నోళ్ళు మూయించి, మీ మాట వినిపించుకోండి. ఇంతకంటే సులువైన మార్గం నాకు కనబడలేదు.

అన్నట్టు, సోమవారం సాయంత్రం రాజమండ్రిలో మాణిక్యాంబ గారి ఫోను మోగింది. అవతల వెంకటరాజు గారు.

"ఏమండీ, కందిపప్పు డబ్బా ఎక్కడుందో కాస్త చెబుతారాండీ."

ఆవిడ ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా ఆనించుకున్నారు. ఆయన మారిపోయారనుకున్నారు పాపం. ఆయనేం మారలేదు. ఆవిడే ఇప్పుడు ఫోనులో ఉన్నారు.