చేతులు కట్టుకు కూర్చున్నవాడి లైసెన్సు

మనిషికి చెయ్యి దేవుడే ఇచ్చి ఉండొచ్చు, కాదనడం లేదు. కానీ పాడైపోయిన చేతిని మళ్ళీ ఆడించమని చెప్పే హక్కు మాత్రం మండలి ఇవ్వాల్సిందే. (దేవుడు చేతులిచ్చినప్పుడు రసీదు ఇవ్వలేదన్నది మండలివారి పాత ఫిర్యాదు.)

ఆ మండలి పూర్తి పేరు హస్త పునరభ్యాస సహాయకుల అర్హతా నిర్ధారణ, పునర్నిర్ధారణ, తదనంతర నిర్ధారణ మండలి. సౌదీ అరేబియాలో, అల్ ఖోబర్ ఊళ్ళో, అల్ అజీజియా పేటలో, టైర్ల దుకాణం పక్కన ఉండేది. మోచేతికి ఎగువ వ్యవహారాలు చూడ్డానికి ఒక అధికారి, దిగువ వ్యవహారాలు చూడ్డానికి ఇంకో అధికారి. సరిగ్గా మోచేతి సంగతి ఎవరిని అడగాలంటే ఇద్దరూ ఒకరి గది ఒకరు చూపించేవారు. బయట వరండాలోకి ఒక కిటికీ, కిటికీ మీద "దరఖాస్తులు ఇక్కడే" అని బోర్డు, బోర్డు కింద క్యూ. ఆ క్యూలో మొదటివాణ్ణి చూశామన్నవాళ్ళు ఎవరూ లేరు.

తొంభై ఒకటిలో, కువైట్ యుద్ధం ఆగీ ఆగగానే, ఆ క్యూలోకి అచ్యుతరామయ్య వచ్చి నిలబడ్డాడు. కాకినాడ మనిషి. కువైట్ సరిహద్దు ఊరు ఖఫ్జీలో ఒక ఆస్పత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు. అంటే దెబ్బ తగిలి బిగుసుకుపోయిన చేతులకి చొక్కా బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, తాళం తిప్పడం మళ్ళీ మొదట్నించీ నేర్పే ఉద్యోగం. ఈ ఉద్యోగానికి ఒకటే సూత్రం: రోగి పని నువ్వు చెయ్యకూడదు. రోగే చెయ్యాలి, చెమటలు కక్కాలి, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాలి. నువ్వు చేతులు ఒళ్ళో పెట్టుకుని "ఊఁ, చెయ్యండి" అంటూ కూర్చోవాలి. సాయం పడదామని చేతులు మరీ దురదపెడితే వాటి మీద కూర్చోవాలి. అలా తన చేతుల మీద తను కూర్చుని ఎంతోమంది చేతులు బాగుచేసిన మనిషి అచ్యుతరామయ్య.

యుద్ధంలో ఖఫ్జీ ఖాళీ చేయించారు. ఆస్పత్రి మంచాలతో సహా ఖోబర్‌కి వచ్చిపడింది. ఆ హడావుడిలో అతని లైసెన్సు గడువు దాటిపోయింది. ఆలస్యానికి మండలి ఒప్పుకునే కారణాలు లేకపోలేదు. పెళ్ళి ఒప్పుకుంటారు, వరద ఒప్పుకుంటారు, దరఖాస్తుదారు మరణం కూడా ఒప్పుకుంటారు (దరఖాస్తుదారు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి). యుద్ధం మాత్రం అందులో లేదు.

"యుద్ధం మనుషులు చేసుకునేది. మీరూ మనిషే కదా," అన్నాడు దిగువ వ్యవహారాల అధికారి, దాన్ని మొదలెట్టింది అచ్యుతరామయ్యే అన్నట్టు చూస్తూ.

లైసెన్సు లేనివాడు రోగితో "చెయ్యి" అన్న మాట అనకూడదు. అంటే జైలు. అనకపోతే అతని రోగి ఎల్లన్న చెయ్యి పోతుంది. అదీ అసలు చిక్కు.

ఎల్లన్నది జగిత్యాల పక్క. సుతారి, అంటే గోడలు కట్టే మేస్త్రి. క్షిపణుల రోజుల్లో ఖోబర్ జనమంతా కిటికీలకి టేపులు అంటించుకుంటుంటే, ఎల్లన్నకి ఎందుకో టేపు మీద నమ్మకం కుదరలేదు. లేబర్ క్యాంపులో తన గది కిటికీకి ఏకంగా సిమెంటు బ్లాకులతో గోడ కట్టేశాడు. క్షిపణి రాలేదు. పై వరసలో బ్లాకు మాత్రం వచ్చింది, సరాసరి కుడిచేతి మీదికి. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు కట్టెల్లా నిలబడిపోయాయి. ఈ వేసవిలో వంచకపోతే ఇక జన్మలో వంగవని డాక్టరు తేల్చి చెప్పాడు.

"రామయ్య సారూ, నాకు తాపీ పట్టుడు దప్ప ఇంకో పని రాదు," అన్నాడు ఎల్లన్న. "ఈడున్నా గదే పని, ఇంటికి వోయినా గదే పని. ఏళ్ళు ఒంగకుంటె నేనెందుకు పనికొస్త చెప్పుండ్రి."

"వంగుతాయి ఎల్లన్నా. ఆ కాగితం ఒక్కటి రానీ."

కాగితం కోసం కిటికీ దగ్గరికి వెళ్తే లోపల జమాలుద్దీన్ ఉన్నాడు. హైదరాబాదీ టైపిస్టు, మంచివాడు, ఆ మంచితనంతో ఎవరికీ ఏ పనీ కాదు.

"మీ ఫైల్ ఇక్కడ లేదు సాబ్. లడాయి కదా, ఫైళ్ళన్నీ జిజాన్ పంపించేసినం, హిఫాజత్ కోసం, భద్రంగా ఉంటయని."

"ఫైళ్ళనా? మరి మనుషుల్నండీ?"

"మనుషులు పోతే వేరేవాళ్ళొస్తరు సాబ్. ఫైల్ పోతే ఎక్కడి నుంచి తేవాలె?"

జిజాన్ అంటే దేశానికి ఆ మూల. అచ్యుతరామయ్య బస్సులు మారి మారి, నడుము విరిగి అక్కడికి చేరాడు. ఫైలు క్షేమంగా ఉందనీ, సముద్రపు గాలికి కాస్త ఒళ్ళు కూడా చేసిందనీ, నిన్ననే ఖోబర్‌కి బయల్దేరిందనీ అక్కడివాళ్ళు చెప్పారు. దానికి కిటికీ పక్క సీటు దొరికిందట. తిరుగు ప్రయాణంలో అతనికి అదీ దొరకలేదు.

తీరా వస్తే, గడువు దాటిన లైసెన్సుకి ప్రత్యక్ష పరీక్ష ఉంటుందన్నారు. ఎప్పుడండీ అంటే "బుక్రా" అన్నారు. బుక్రా అంటే రేపు అని కొత్తవాళ్ళు అనుకుంటారు. పాపం, వాళ్ళకి తెలీదు.

ఇక్కడ అచ్యుతరామయ్య ఒక సంగతి కనిపెట్టాడు. మండలి నిషేధించింది వైద్యాన్ని, వంటని కాదు. ఆ రోజు నుంచీ సాయంత్రాలు ఎల్లన్న అతని గదికి భోజనానికి రావడం మొదలెట్టాడు. "చెయ్యి" అన్న మాట పొరపాటున కూడా రాదు. "ఏవిటో, పచ్చడిలోకి వెల్లుల్లి ఒలిచిన పాపాన పోయినవాడు లేడు ఈ కొంపలో," అని గోడతో అనేవాడు, తన చేతుల మీద కూర్చుని. ఎల్లన్న వెల్లుల్లి ముందేసుకుని, దాని తాతముత్తాతల్ని తిడుతూ గోకేవాడు. తర్వాత చింతపండు పిసకడం, చపాతీ పిండి, బియ్యంలో రాళ్ళు. ఒక రెబ్బ తొక్క మొత్తం ఊడి శుభ్రంగా చేతిలోకి వచ్చిన రోజున ఎల్లన్న దాన్ని పచ్చట్లో వెయ్యనివ్వలేదు. జేబులో పెట్టుకుని క్యాంపుకి తీసుకుపోయాడు, అందరికీ చూపించడానికి. అచ్యుతరామయ్యకి ఆ పూట పట్టరాని సంతోషం.

చివరికి పరీక్ష వచ్చింది. పరీక్షకుడు అబ్దుల్ ఘనీ గారు, వేళ్ళ విభాగం ముఖ్యులు. (అంతకుముందు తూనికలు కొలతల్లో పనిచేశారు. వేళ్ళు కూడా కొలవదగినవే కనుక బదిలీ చేశారు.) ఎదురుగా కుర్చీలో అచ్యుతరామయ్య, పక్కన రోగిగా ఎల్లన్న.

"కానివ్వండి," అన్నారు ఘనీ గారు, కలం తీసి.

ఎల్లన్న చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు పెట్టుకున్నాడు. తాళం తిప్పాడు. చివరికి ఘనీ గారికి గహ్వా, అంటే అరబ్బుల కాఫీ, పోశాడు, ఇక్కడి పద్ధతిలో, ఎడంచేత్తో కూజా, కుడిచేత్తో చిన్న కప్పు అందిస్తూ. తాగినవాళ్ళు చాలనుకుంటే కప్పు ఊపాలి, ఊపకపోతే పోస్తూనే ఉండాలి. ఘనీ గారు రాతలో మునిగి ఊపడం మరిచిపోయారు. ఎల్లన్న పోస్తున్నాడు, ఆయన తాగుతున్నారు, పోస్తున్నాడు, తాగుతున్నారు. వేళ్ళు వణుకుతున్నాయి, నుదుటి మీంచి చెమట కారుతోంది, కప్పు మాత్రం జారలేదు. అచ్యుతరామయ్య సూత్రం తప్పలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. కూజా ఖాళీ అయ్యేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత బాగా ఎవరూ పరీక్ష రాసి ఉండరనుకున్నాడు.

ఫలితం కిటికీలోంచి జమాలుద్దీన్ అందించాడు, మొహం పక్కకి తిప్పుకుని.

హాజరైన ఇద్దరిలో ఒకరు పరీక్ష ఆసాంతం రెండు చేతులతో చురుగ్గా పనిచేసినట్టూ, రెండోవారి రెండు చేతులూ మొదట్నించీ చివరిదాకా చలనం లేకుండా ఉన్నట్టూ పరీక్షకులు గమనించారు. కాబట్టి మొదటివారైన ఎల్లన్నకి లైసెన్సు మంజూరు. రెండోవారైన అచ్యుతరామయ్యని తీవ్రస్థాయి రోగిగా నమోదు చేసి, పై లైసెన్సుదారుకి అప్పగించడమైనది.

"ఇదెక్కడి ఘోరమండీ! నా పనే కూర్చోవడం!" అన్నాడు అచ్యుతరామయ్య.

"అందరూ గదే అంటరు సాబ్," అన్నాడు జమాలుద్దీన్ జాలిగా. "మళ్ళా పరీక్ష రెన్యువల్ అప్పుడే."

రెన్యువల్ రెండేళ్ళకి. ఈలోపు ఎల్లన్న ఇఖామాలో, అంటే నివాస అనుమతి కార్డులో, వృత్తి మారిపోయింది. తెల్లకోటు ఇచ్చారు. చేతులు బాగుపడ్డాయి గానీ తాపీ ముట్టుకుంటే నేరం, వృత్తి కాని వృత్తి చేసినట్టు. పొద్దున్నించీ సాయంత్రం దాకా రోగుల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పక్కన రోగి హోదాలో అచ్యుతరామయ్య కూర్చుని, ఏం చెప్పాలో చెవిలో చెప్పేవాడు. వైద్యం ఎప్పటిలాగే నడిచింది. తేడా అల్లా ఎల్లన్నలోనే. దారిలో ఎక్కడైనా గోడ లేస్తుంటే మొహం తిప్పుకుని పోయేవాడు.

"సెయ్యిచ్చిండ్రు, పని గుంజుకున్నరు," అన్నాడొకనాడు. "దీనికన్నా ఏళ్ళు ఒంగకున్నా మంచిగుండు సారూ. ఆశ అన్నా సచ్చిపోతుండె."

ఆ మాటకి అచ్యుతరామయ్య ప్రాణం ఉసూరుమంది. ఆలోచించి ఉపాయం చెప్పాడు. "రెన్యువల్‌లో తిరగేద్దాం. కదిలినవాడికి లైసెన్సు, కదలనివాడు రోగి, అంతే కదా వాళ్ళ తీరు? ఈసారి నేను కదుల్తాను, నువ్వు కూర్చో. నా లైసెన్సు నాకొస్తుంది. నువ్వు రోగివి. రోగి తాపీ పట్టుకుంటే నేరం కాదు, వైద్యం కింద రాయిస్తాను. నువ్వు చెయ్యాల్సిందల్లా కూర్చోవడమే."

"గదెంత పని సారూ. కూసుంట."

రెన్యువల్ రానే వచ్చింది. లైసెన్సుదారు మేస్త్రి కనుక రోగికి మేస్త్రి పనే నేర్పి చూపించాలని మండలి ఆదేశించింది. ఎలాగూ దరఖాస్తుల కిటికీలోంచి ఏసీ చల్లదనం క్యూలోకి పోతోంది, ఆ కిటికీని కింది నుంచి సగందాకా మూయించేస్తే పరీక్షకి పరీక్షా, పనికి పనీ. బ్లాకులు, సిమెంటు, తాపీ తెప్పించారు. వరండాలో ఘనీ గారికి కుర్చీ వేశారు. పక్కన ఎల్లన్న తెల్లకోటుతో, చేతుల మీద కూర్చున్నాడు.

అచ్యుతరామయ్య మొదటి వరస పేర్చాడు. వరస బయల్దేరడం కిటికీకే బయల్దేరింది గానీ దారిలో మనసు మార్చుకుని టైర్ల దుకాణం వైపు తిరిగింది. రెండో వరస మొదటిదాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఎల్లన్న కళ్ళు మూసుకున్నాడు. సిమెంటు కింద జారుతున్న చప్పుడు వినిపించి మళ్ళీ తెరిచాడు. పెదవి కొరుక్కున్నాడు. అచ్యుతరామయ్య మూడో వరసకి తాపీ ఎత్తి, దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.

"అట్ల గాదు సారూ! ఇటియ్యి!"

అంతే. ఎల్లన్న లేచాడు, కోటు విసిరేశాడు, రెండు వరసలూ పీకేశాడు, తాపీ అందుకున్నాడు. అచ్యుతరామయ్య అడ్డం వెళ్ళాడు. "కూర్చోరా బాబూ, నీకు దణ్ణం పెడతాను, కూర్చో!" అంటూ ఆపబోయి, చేతిలో బ్లాకు ఉందని చూసుకుని, ఆ బ్లాకు అందించాడు. తర్వాత ఇంకోటి అందించాడు. ఎందుకంటే అప్పటికి అతనికి ఎల్లన్న కుడిచెయ్యి కనబడింది. ఐదు వేళ్ళూ తాపీ పిడి చుట్టూ వంగి ఉన్నాయి, ఎన్నడూ దెబ్బే తగలనట్టు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, ఏది ఆపాలో తెలీక రెండూ కానిచ్చాడు.

సగందాకా వచ్చేసరికి ఆపాలి. కానీ రెండేళ్ళ ఆకలి ఆ చేతికి. ఘనీ గారు రాతలో ఉన్నారు, ఖలాస్ అని ఎవరూ అనలేదు.

"అరే ఎల్లన్నా, నేను లోపలున్నా కదా భాయ్," అని జమాలుద్దీన్ గొంతు వినిపించింది. కాసేపటికి అదీ వినిపించలేదు. వెనక తలుపుంది, ఫరవాలేదు.

గోడ అంచులు అద్దంలా ఉన్నాయి. ఘనీ గారు రాసింది కూడా అంత శుభ్రంగానే ఉంది. హాజరైన ఇద్దరూ పనిచేశారు, కాబట్టి రోగి లేడు. రోగి లేనందున సహాయకుడు అనవసరం. ఇద్దరికీ ఖురూజ్, అంటే తిరిగి రానక్కర్లేని ప్రయాణం.

"తప్పైంది సారూ. వంకర గోడ జూస్కుంట కూసునుడు నాతోని గాలె," అన్నాడు ఎల్లన్న.

"పోనీలేరా," అన్నాడు అచ్యుతరామయ్య. "నాతో మాత్రం అయిందా?"

ఇద్దరూ ఒకే విమానంలో వెళ్ళిపోయారు. కిటికీ ఉండిన చోట గోడ అలాగే ఉంది. దాని మీద "దరఖాస్తులు ఇక్కడే" అన్న బోర్డూ ఉంది, బోర్డు కింద క్యూ కూడా ఉంది. గోడ కట్టక ముందుకీ ఇప్పటికీ ఏమైనా తేడా తెలుస్తోందా అని అడిగితే, తెలియడం లేదన్నారు నిలబడ్డవాళ్ళు.