మినహాయింపులతో కూడిన బహిష్కరణ

బేసింగ్‌స్టోక్ సౌరభ తెలుగు సమితి తన పదిహేనేళ్ళ చరిత్రలో మొట్టమొదటి బహిష్కరణను ఏకగ్రీవంగా ఆమోదించిందని కార్యదర్శి హోదాలో సగర్వంగా తెలియజేస్తున్నాను. అంతకుముందు మేము ఏకగ్రీవంగా ఆమోదించినది ఒక్క పిక్నిక్ మాత్రమే. అదీ వానకు రద్దయింది.

బహిష్కరణకు గురైనవారు రాజ్యం ఫుడ్స్ అధినేత సదాశివం గారు. వారి ఫ్యాక్టరీ లండన్ పక్కన క్రోయిడన్‌లో ఉంది. దోసెల పిండి, గోంగూర, ఆవకాయ, కందిపొడి ఏది కొన్నా డబ్బా మీద వారి తల్లిగారు రాజ్యం గారి ఫొటో ఉంటుంది. మా సభ్యులలో అత్తగారి ఫొటో లేని ఇళ్ళున్నాయి గానీ రాజ్యం గారి ఫొటో లేని ఫ్రిజ్ లేదు. ఆ సదాశివం గారు, మగవాళ్ళు మగవాళ్ళనూ ఆడవాళ్ళు ఆడవాళ్ళనూ పెళ్ళాడే చట్టాన్ని రద్దు చేయిస్తామంటూ ఎన్నికల్లో నిలబడ్డ ఒక చిన్న పార్టీకి పెద్ద విరాళమిచ్చారు. విరాళాల జాబితా బయటికి వచ్చింది. మా ఉగాది వేడుకకు ప్రధాన స్పాన్సరు కూడా ఆయనే. బ్యానరు మీద మా పేరు కంటే ఆయన పేరే పెద్దది.

ఆ బ్యానరు ఫొటో చూసి కౌన్సిల్ నుంచి, అంటే ఈ ఊరి పురపాలక సంఘం నుంచి, ఈమెయిల్ వచ్చింది. మాకు హాలు ఉచితంగా ఇచ్చేది కౌన్సిలే. సమానత్వం పట్ల మీ సమితి వైఖరి ఏమిటో వీలు చూసుకుని తెలియజేయగలరా అని ఎంతో మర్యాదగా అడిగారు. ఇంగ్లీషువాళ్ళు మరీ మర్యాదగా అడిగారంటే కొంప మునిగిందని అర్థం. మా అంతరాత్మలు ఆ సాయంత్రమే మేలుకున్నాయి.

నిజానికి మేము ఈ విషయంలో ఎవరికీ తీసిపోము. అందరమూ ఐటీ, ఇన్సూరెన్సు కంపెనీల్లో ఉన్నవాళ్ళమే. జూన్ నెల వస్తే ప్రైడ్ మాసమని మెళ్ళో ఇంద్రధనుస్సు రంగుల తాడు వేసుకుని, దానికి ఆఫీసు కార్డు తగిలించుకుని తిరిగేవాళ్ళమే. ఏటా ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి, తన భర్త గురించి చెప్పిన సహోద్యోగి మగవాడైతే ఏమనాలి అన్న ప్రశ్నకు సరైన జవాబు నొక్కి, సర్టిఫికెట్టు ప్రింటు తీసుకున్నవాళ్ళమే.

కాబట్టి అత్యవసర సమావేశంలో అధ్యక్షులు శేషగిరి గారు చేసిన ప్రసంగం ఎవరికీ కొత్తగా తోచలేదు. "ప్రేమకు కులం లేదు, మతం లేదు, ఆడా మగా తేడా లేదు. ఈ సత్యాన్ని ప్రపంచానికి మొదట చెప్పినది మన తెలుగుజాతి," అన్నారాయన. ఎప్పుడు చెప్పినదీ ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. అదే వారం తమ అమ్మాయి మానసకు సంబంధం కావాలని ఆయన వాట్సాప్‌లో పెట్టిన ప్రకటనలో కులం, శాఖ, గోత్రం, జిల్లా, కుదిరితే డివిజను కూడా ఉన్నాయి. అది వేరే విషయం.

బహిష్కరణ సోమవారం నుంచి అమల్లోకి వస్తుందని ప్రకటించాం. దాంతో శని, ఆదివారాల్లో రాజ్యం ఫుడ్స్ సరుకు కోసం జనం ఎగబడ్డారు. బహిష్కరణకు ముందు కొన్నదానికి బహిష్కరణ వర్తించదని తీర్మానంలోనే ఉంది. శేషగిరి గారు ఒక్కరే పద్నాలుగు డబ్బాల ఆవకాయ కొన్నారు. సదాశివం గారు కూడా మనసున్న మనిషి. బేసింగ్‌స్టోక్ ఆర్డర్లకు ఆ రెండు రోజులూ డెలివరీ ఉచితమన్నారు.

మూడో వారానికి దోసెల పిండి నిండుకుంది. మినహాయింపుల ఉపసంఘం సమావేశమైంది. ఈ ఊరి చలికి ఇంట్లో రుబ్బిన పిండి పులవదు గనుక, పులవడమన్నది ప్రకృతి కార్యం గనుక, అందులో సదాశివం గారి భావజాలానికి తావు లేదు గనుక, పిండిని మినహాయించారు. ఆ తర్వాత ఇండియా నుంచి వచ్చిన అత్తమామలున్న ఇళ్ళను మినహాయించారు. పూజలకూ, పుట్టినరోజులకూ, జ్వరం వచ్చి నోరు చేదెక్కినవారికీ మినహాయింపు దొరికింది. మిగిలినవారు డబ్బా మీది కాగితం నానబెట్టి ఊడదీస్తే, దానిని ఏ కంపెనీకీ చెందని ఆహారంగా పరిగణించాలని నిర్ణయించారు. ఒక నెలంతా మా సభ్యుల సింకులలో రాజ్యం గారి ముఖాలు తేలుతూ ఉన్నాయి.

వేసవి మొదట్లో కౌన్సిల్ మా సమితికి 'సమానత్వ మిత్రులు' అని సర్టిఫికెట్టు ఇచ్చింది. ఏడు రంగుల ముగ్గు ముందు నిలబడి ఫొటో దిగాం. ప్రెస్ నోటు నేనే రాశాను. బేసింగ్‌స్టోక్ తెలుగువారి హృదయద్వారాలు అందరికీ తెరిచే ఉంటాయని అందులో ఒక వాక్యం ఉంది. రాస్తున్నప్పుడు నాకే ముచ్చటేసింది.

ఆ ప్రెస్ నోటు నమ్మిన మనిషి ఒకరున్నారు. ఇది ఎవరమూ ఊహించని పొరపాటు.

ఆవిడ మా కోశాధికారి కనకదుర్గ గారు. విజయవాడ మనిషి, ఇక్కడ జీపీ సర్జరీలో, అంటే డాక్టరు గారి క్లినిక్కులో, రిసెప్షనిస్టు. వారబ్బాయి భానుప్రకాష్ ఫార్మసిస్టు. మా పిల్లలకు పక్కనున్న రీడింగ్ ఊళ్ళోని పేరున్న గ్రామర్ స్కూళ్ళ ప్రవేశ పరీక్షకు ఆరేళ్ళుగా శనివారాలు లెక్కలు చెబుతున్నది ఆ కుర్రాడే. మా అమ్మాయి భావనకు సీటు వచ్చిందంటే అతని చలవే. ఇంతటి యోగ్యుడికి ముప్పై రెండేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదేమని అడగని ఇల్లు లేదు.

ఒక ఆదివారం పొద్దున్న కనకదుర్గ గారు పట్టుచీర కట్టుకుని, కుంకుమభరిణె చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వెనకాల ఆవిడ భర్త జయకృష్ణ గారు శుభలేఖల సంచీ మోసుకుంటూ నిలబడ్డారు. ఆవిడ మా ఆవిడ కిరణ్మయికి బొట్టు పెట్టారు.

"మా భాను పెళ్ళి వదినా. అబ్బాయి పేరు లోకేష్, వరంగల్ వాళ్ళు, క్రోయిడన్‌లో టీచరు. రెండేళ్ళుగా ఎవరికీ చెప్పలేక నలిగిపోయాం. అన్నయ్య గారు రాసింది పేపర్లో చదివాక ధైర్యం వచ్చింది. వాడు రిజిస్ట్రారు దగ్గర సంతకాలు చేసి ఊరుకుంటానన్నాడు. వద్దురా, మన వాళ్ళందరూ వస్తారు, అందరి చేతా అక్షింతలు వేయిస్తానని మాటిచ్చాను. మీరు ముందు వరసలో ఉండాలి."

అయ్యో ఎంత మాట, ఇంట్లో పెళ్ళి లాంటిది, తప్పకుండా వస్తామన్నాం. కిరణ్మయి పండూ తాంబూలమూ జాకెట్టు ముక్కా పెట్టింది. ఆవిడ అలా ముప్పై ఎనిమిది ఇళ్ళకు తిరిగారు. ముప్పై ఎనిమిది ఇళ్ళలోనూ తప్పకుండా అన్నారు. ముప్పై ఎనిమిది జాకెట్టు ముక్కలు వచ్చాయి. బొట్టు పెట్టి పిలిచిన పెళ్ళికి వెళ్ళకపోవడం ఎంత తప్పో మా అందరికీ తెలుసు. అంతటి తప్పు చేయాలంటే అంతకు తగ్గ కారణం కావాలి.

కారణాలు వచ్చాయి. పెళ్ళి ఆగస్టు చివరి శనివారం. ఆ వారం గోదావరి జిల్లాల్లో మా సభ్యుల జ్ఞాతులు పదకొండు మంది కాలం చేశారు. మైల ఉన్నవారు శుభకార్యానికి ఎలా వెళతారు? వారిలో ఇద్దరు తర్వాత దసరాకు వీడియో కాల్‌లో కనిపించి అందరినీ దీవించారని విన్నాను. తొమ్మిది కార్లు ఒకేసారి గ్యారేజీకి వెళ్ళాయి. శేషగిరి గారికి మోకాలు పట్టేసింది. ప్రేమ విషయంలో తమ నిలువెత్తు మద్దతు ఎప్పుడూ ఉంటుందనీ, నిలబడలేకపోవడమే సమస్య అనీ ఆయన సందేశం పంపారు.

మా ఇంట్లో మా పెదతాతగారు పోయారు. భావన అప్పటికే లంగా వోణీ ఇస్త్రీ చేసుకుంది. "భాను అన్న వెడ్డింగ్‌కి వై ఆర్ వీ నాట్ గోయింగ్, డాడ్?" అంది. చెప్పాను. "విచ్ తాతగారు?" అంది. పేరు ఆలోచించడానికి నాకు కొంచెం సేపు పట్టింది. అది నా ముఖంలోకి చూస్తూ నిలబడి, చివరికి వోణీ మడతపెట్టేసుకుంది.

వాళ్ళు రెండు వందల కుర్చీలు వేయించారట. పంతొమ్మిది మంది వచ్చారట. అందులో పెళ్ళికొడుకులతో కలిపి తెలుగువారు ఆరుగురు. వాళ్ళిద్దరినీ, వాళ్ళ తల్లిదండ్రులనూ తీసేస్తే తెలుగువారి హాజరు శూన్యం. అక్షింతల పళ్ళెం నిండుగానే మిగిలిపోయిందట. భోజనాలకు కనకదుర్గ గారు రాజ్యం ఫుడ్స్ సరుకు ఒక్క గ్రాము కొనలేదు. వసంతం నుంచీ ఆవిడ కొనడం లేదు. బాయిలర్ ఉన్న వెచ్చటి అలమారలో గిన్నెలు పెట్టి, రెండు వందల మందికీ పిండి పులియబెట్టుకున్నారు. ఈ ఊళ్ళో పిండి పులుస్తుందని ఉపసంఘానికి తెలియకపోవడం విచారకరం.

మర్నాడు ఆవిడే మా ఇంటికి లడ్డూల డబ్బా తెచ్చి ఇచ్చారు. ముప్పై ఎనిమిది ఇళ్ళకూ ఇచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మైల కదా అన్నయ్య గారూ. తీరాక తినండి," అన్నారు.

నాకు సిగ్గేసింది. అంతకు మించి చేయలేదు. తలుపు వేసుకున్నాను.

సెప్టెంబరులో కౌన్సిల్ నుంచి ఫారం వచ్చింది. సర్టిఫికెట్టు మరో ఏడాది పొడిగించాలంటే బహిష్కరణ వివరాలు నింపి పంపాలి. అబద్ధం రాసే అలవాటు నాకు లేదు. బహిష్కరణలో పాల్గొన్న కుటుంబాలెన్ని అన్నచోట ముప్పై ఎనిమిది అని రాశాను. మధ్యలో విరమించుకున్నవారు అన్నచోట ఎవరూ లేరని రాశాను. మినహాయింపులు అన్నచోట లేవని రాశాను. ఎవరిని బహిష్కరించారని ఫారంలో ఎక్కడా అడగలేదు.

ఇంత కట్టుదిట్టంగా జరిగిన బహిష్కరణ ఈ జిల్లాలో మరొకటి లేదని కౌన్సిల్ వారు అభినందిస్తూ ఉత్తరం రాశారు. దాన్ని ఫ్రేము కట్టించి హాలులో తగిలించాం.